ఇద్దరు పైలట్లు, ఒక వెనక సీటు

ఆ రోజు ఉదయం టవరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా ముగ్గురూ కారెక్కాలి. ఊరి బయట ఉన్న ఫ్లయింగ్ స్కూలుకు వెళ్ళాలి. అక్కడ ఆవిడ భర్తా, తమ్ముడూ కుర్ర పైలట్లకు తమ అనుభవాలు చెప్పాలి. అది విని ముచ్చటపడి ప్రిన్సిపాల్ ఇద్దరిలో ఒకరికి పాఠాలు చెప్పే ఉద్యోగం ఇవ్వాలి. ఎవరికిచ్చినా ఆవిడకు అభ్యంతరం లేదు. ఒకరు పొద్దున్నే బయటికి పోతే రెండోవారికి వాదించడానికి మనిషి దొరకడు, ఇల్లు ఇల్లులా ఉంటుంది.

భర్త వాయుసేనలో యుద్ధ విమానాలు నడిపి రిటైరయ్యాడు. ఒక్క సీటు ఉన్న విమానాల్లో ఉద్యోగమంతా గడిపినందువల్ల ఏ పని చేసినా ఎవరికీ చెప్పే అలవాటు లేదు. చెప్పడానికి పక్కన ఎవరైనా ఉంటే కదా. ఆయన్ని అందరూ ఫైటర్ అంటారు. తమ్ముడు ప్రయాణికుల విమానాల కెప్టెన్. పక్క సీట్లో రెండో పైలట్ లేకుండా ఏనాడూ ఒక మీట కూడా నొక్కినవాడు కాదు. అందుకని ఏ పనైనా పైకి చెప్పి, ఎదుటివారు మళ్ళీ పలికితే గాని చెయ్యడు. పెళ్ళీ పెటాకులూ లేవు. పై వాటాలో ఉంటాడంటారు గాని, అక్కడ పడుకుంటాడు, అంతే. మిగతా రోజంతా కింద వాటాలోనే. ఇక టవరమ్మ అన్న పేరు ఆవిడకు ఉద్యోగం వల్ల వచ్చింది. విమానాశ్రయం కంట్రోల్ టవర్లో కూర్చుని, ఎవరు ఎప్పుడు దిగాలో ఎవరు ఎప్పుడు ఎగరాలో ఏళ్ళ తరబడి చెప్పింది. ఆకాశంలో ఇద్దరూ ఆవిడ మాట జవదాటలేదు. ఇంట్లో సంగతి వేరు.

రిటైరైన నెలలోనే ఫైటర్ వంటిల్లు సర్దాడు. స్టవ్ ముందు నిలబడితే అన్నీ చేతికి అందాలని ఉప్పూ, కారం, గరిటెలూ నెత్తి మీద వరుసగా వేలాడదీశాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం దీపం వెయ్యకముందు లోపలికి వెళ్ళిన టవరమ్మ నుదుటికి గరిటె తగిలి బొప్పి కట్టింది. కెప్టెన్ టీ పెట్టాలంటే మరో తంతు. "గ్యాస్?" అని అడిగి ఆగుతాడు. పక్క గదిలోంచి ఎవరో ఒకరు "ఆన్" అనాలి. ఎవరూ అనకపోతే టీ లేదు. ఈ ఇద్దరి మధ్య ఆవిడ ఎలా నెట్టుకొస్తోందో ఆవిడకే తెలియాలి.

ఇద్దరికీ తలా ఒక గొప్ప కథ ఉంది. ఫైటర్ కథలో ఇంధనం అడుగంటిపోయి, తుఫాను మబ్బుల్లోంచి ఆయన రన్‌వే దగ్గరకు వస్తాడు. కెప్టెన్ కథలో అలాంటి వానలోనే నిండు విమానాన్ని పువ్వులా దించుతాడు. ఈ కథలు ఎన్నిసార్లు మొదలయ్యాయో లెక్కలేదు. చివరిదాకా వెళ్ళింది మాత్రం ఒక్కసారీ లేదు. ఒకరు మొదలుపెట్టగానే రెండోవారు "అదేం గొప్ప" అని తమది అందుకుంటారు. ఎదుటివాడి కథ పూర్తిగా విన్న పాపాన ఎవరూ పోలేదు.

కారు ఫైటర్ తీశాడు. పక్కన కెప్టెన్. వెనక సీట్లో టవరమ్మ, ఆవిడతో పాటు ఇద్దరి కోట్లూ, ఒక పెద్ద సంచీ, దాని మీద ఆవిడ శాలువా. కోట్లు నలగకూడదని కిటికీ పైన కొక్కేలకు తగిలించారు. బయల్దేరే ముందు కెప్టెన్ అద్దాలు, బెల్టులు, బ్రేకులు వరసగా అడిగాడు. ఫోన్లు కూడా అడిగాడు. ముఖ్యమైన ప్రయాణంలో ఫోన్లు మోగకూడదని తనదీ బావదీ కలిపి ఫ్లైట్ మోడ్‌లో పెట్టాడు. వెనక సీటు గురించి మాత్రం అడగలేదు. ఆయన ఉద్యోగంలో వెనక ఎవరెవరు కూర్చున్నారో చూసి వచ్చి చెప్పడానికి వేరే మనుషులుండేవారు. ఫైటర్‌కు అసలు వెనక సీటే ఉండేది కాదు.

సగం దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగారు. టవరమ్మ ఇద్దరికీ వినబడేలా "రెండు నిమిషాల్లో వస్తాను" అని చెప్పి దిగింది. అప్పటికి ఫైటర్ తన కథలో ఇంధనం అడుగంటిన చోటికి వచ్చాడు, కెప్టెన్ అడ్డుపడుతున్నాడు. ఇద్దరూ తల ఊపారు గాని, ఎవరూ వినలేదు. పెట్రోలు పోసినతను వెనక తలుపు తెరిచి ఉండటం చూసి, మంచి మనిషి కాబట్టి, దాన్ని మూశాడు. ధడాల్మన్న చప్పుడు విని కెప్టెన్ అలవాటుగా "తలుపులు మూశారు" అన్నాడు. ఫైటర్ అలవాటుగా దూసుకుపోయాడు.

దారిలో వాదం ముదిరింది. యుద్ధ విమానం నడపడం కష్టమా, ప్రయాణికుల విమానమా అన్నది ప్రశ్న. ఫైటర్ విసిగిపోయి తీర్పు వెనక సీటుకు వదిలాడు.

"నువ్వే చెప్పవే. నేనన్నది తప్పా?"

వెనక నుంచి ఉలుకూ పలుకూ లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ ప్రశ్నకు జవాబు రాకపోవడం అదే మొదటిసారి. ఆయన గుండె కరిగిపోయింది. ఇన్నాళ్ళకు ఒప్పుకుంది అనుకున్నాడు. కెప్టెన్ ఊరుకోలేదు. బావ మీద నాకు కోపం లేదక్కా, నిజం నీకు తెలుసు కదా అన్నాడు. దానికీ మౌనమే. అక్క తన పక్షమేనని ఆయనా తేల్చుకున్నాడు. కాసేపటికి అద్దంలో కోట్ల సందున శాలువా కనబడింది. పాపం పొద్దున్నే లేచింది, నిద్రపోతోంది అనుకుని ఇద్దరూ గొంతు తగ్గించి పోట్లాడుకున్నారు. కెప్టెన్ వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి, శాలువాను సంచి మీదికి జాగ్రత్తగా కప్పాడు కూడా.

స్కూలు ఆవరణలో కారు ఆపి, ఫైటర్ ఎన్నడూ లేనంత మర్యాదగా వెనక తలుపు తెరిచి, దిగమన్నాడు. సంచి దిగలేదు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫోన్లు తీసి నంబరు నొక్కారు. ఎవరి ఫోనూ మోగలేదు, లైనే కలవలేదు. ఫైటర్ నీరసంగా కారుకు చేరబడ్డాడు.

"ఫోన్ ఆపేసిందిరా. బాగా కోపం వచ్చింది."

"ఇద్దరి ఫోన్లకీ కలవట్లేదంటే చాలా కోపమే బావా."

ఇంతలో ప్రిన్సిపాల్ చేతులు చాపుకుంటూ ఎదురొచ్చాడు. మేడమ్ గారు రాలేదా అని అడిగాడు. ప్రయాణికురాలిని బంకులో వదిలి వచ్చిన మనిషికి భద్రత పాఠాలు చెప్పే ఉద్యోగం ఎవరిస్తారు? కెప్టెన్ గొంతు సవరించుకుని "వెనకే వస్తున్నారు" అన్నాడు. మాటలో అబద్ధం లేదు, ఆవిడ చాలా వెనకే ఉంది.

ఆఫీసు గదిలో టీ వచ్చింది. ఫైటర్ చేతులు కడుక్కుని వస్తానని లేచాడు. ఎవరికీ చెప్పకుండా కారు తీసుకుని బంకు వైపు పోయాడు. కిటికీలోంచి కారు ఆపిన చోటు ఖాళీగా ఉండటం చూసి కెప్టెన్‌కు సంగతి అర్థమైంది, ఒళ్ళు మండింది. అక్క దగ్గరికి ఎవరు ముందు చేరితే వాళ్ళకే మన్నింపు దొరుకుతుంది, రెండోవాడు ఏడాదిపాటు మాటలు పడాలి. బావను ఆ మేలు ఒంటరిగా కొట్టెయ్యనివ్వడం ఆయన వల్ల కాలేదు. ఒక చిన్న పనుందని ప్రిన్సిపాల్‌కు చెప్పి, ఆయన నోటితో "చిన్న పని" అని తిరిగి అనిపించుకుని, స్కూలు జీపు అడిగి తీసుకున్నాడు.

బంకు దగ్గర టవరమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. చేతిసంచీలోంచి ఫోన్ తీసి ఇద్దరికీ చేసింది, ఇద్దరూ అందలేదు. అంతలో కుర్ర పైలట్ల బస్సు డీజిల్ కోసం వచ్చి ఆగింది. బస్సు మీద స్కూలు పేరు చూసి, నన్నూ తీసుకెళ్తారా అని అడిగింది. ఏమైందని వాళ్ళడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. బస్సంతా నవ్వులు. మీరేం చేసేవారండీ అని ఒకమ్మాయి అడిగింది. ఆవిడ చెప్పడం మొదలుపెట్టాక డ్రైవరు కూడా నెమ్మదిగా నడిపాడు. మధ్యలో ఎదురుగా తన కారు రివ్వున పోవడం ఆవిడ చూసింది. ఆ వెనకే స్కూలు జీపు, అందులో తమ్ముడు. అరిచినా వినబడదు. ఇద్దరూ ఒకే దిక్కుకు పోతున్నారు, ఇద్దరి మధ్యా దూరం సరిపడా ఉంది, అది చాలనుకుని ఆవిడ మళ్ళీ కథలో పడింది.

స్కూల్లో హాలు నిండింది. వేదిక మీద రెండు కుర్చీలు, రెండూ ఖాళీ. ప్రిన్సిపాల్ చెమటలు తుడుచుకుంటున్నాడు. బస్సులో వచ్చిన పిల్లలు మేడమ్‌ని మాట్లాడమనండి సార్ అని పట్టుబట్టారు. ఆయనకు వేరే దారి లేదు.

పైలట్లిద్దరూ బంకులో ఒకరికొకరు తగిలి, ఆవిడ బస్సెక్కి వెళ్ళిపోయిందని తెలుసుకుని, పిల్లుల్లా తిరిగొచ్చి హాలు వెనక తలుపు దగ్గర నిలబడేసరికి, టవరమ్మ ఒక వాన రోజు గురించి చెబుతోంది. ఆ రోజు ఆవిడ డ్యూటీలో ఉంది. రన్‌వే ఒక్కటే. ప్రయాణికుల విమానం ఒకటి చక్కగా దిగింది. దిగింది గాని, ప్రతి మీటా పేరు పేరునా పలికితే గాని పక్కకు కదలనంటోంది. దాని వెనకే ఇంధనం అయిపోవస్తున్న యుద్ధ విమానం. రెండింటి రేడియోలూ వేరు, ఒకరి మాట ఒకరికి వినబడదు. ఇద్దరికీ వినబడేది ఆవిడ గొంతు ఒక్కటే.

"ముందున్నాయన్ని త్వరగా పక్కకు తప్పుకోమన్నాను. వెనకాయన్ని ఇంకో చుట్టు తిరిగి రమ్మన్నాను. ఇద్దరూ క్షేమంగా దిగారు. సాయంత్రం ఇద్దరూ మా ఇంటికే భోజనానికి వచ్చారు."

ఆవిడ గుక్కెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ అందుకుంది.

"రన్‌వే మీద ఎవడో నత్తగాడు అడ్డుపడ్డాడని ఈయన. వెనక ఎవడో తొందరపాటు మనిషి ప్రాణం తీశాడని ఆయన. ఇద్దరికీ వడ్డిస్తూ విన్నాను. ఒకరు మా ఆయన, ఒకరు మా తమ్ముడు."

ముందు వరసలో అమ్మాయి చెయ్యెత్తింది. ఇన్నేళ్ళూ వాళ్ళకెందుకు చెప్పలేదని అడిగింది.

"చెప్పబోయాను. చివరిదాకా ఎవరూ వింటేగా."

చప్పట్లు చాలాసేపు మోగాయి. వెనక తలుపు దగ్గర నత్తగాడు తొందరపాటు మనిషి వైపు చూశాడు. ఆ రోజు బావ ఆకాశంలో ఒంటరిగా ఆ చుట్టు తిరుగుతుంటే, తను కింద మీటల పేర్లు చదువుతూ కూర్చున్నాడు. కెప్టెన్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫైటర్ ఎప్పట్లాగే ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాడు. బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు, కార్యక్రమం అయ్యేదాకా తియ్యలేదు.

కారు దగ్గర ఫోన్ ఎందుకు ఆపేశావని ఫైటర్ బతిమాలే గొంతుతో అడిగాడు. టవరమ్మ ఆయన జేబులోంచి ఆయన ఫోనే తీసి, పైన మూలనున్న చిన్న విమానం బొమ్మ చూపించింది. అదేమిటో ఆ ఇద్దరికీ ఎవరూ వివరించనక్కర్లేదు.

మర్నాడు ప్రిన్సిపాల్ ఇంటికి వచ్చి ఉద్యోగం ఇచ్చాడు, టవరమ్మకు. రేడియోలో ఎలా మాట్లాడాలో, అంతకన్నా ముఖ్యంగా ఎలా వినాలో పిల్లలకు నేర్పాలన్నాడు. ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి ఆవిడ కారు తీసుకుని వెళ్ళిపోతుంది. ఇంట్లో కెప్టెన్ "గ్యాస్?" అంటాడు, ఫైటర్ "ఆన్" అంటాడు, గరిటెలు నెత్తి మీద ఊగుతూ ఉంటాయి. నీ వల్ల చుట్టు తిరిగానని ఒకరూ, ఆ తిరిగేదేదో ముందే తిరగాల్సిందని ఒకరూ సాయంత్రం దాకా అంటూనే ఉంటారు.

ఇల్లు ఎంతో ప్రశాంతంగా ఉంటోందని టవరమ్మ స్కూల్లో అందరికీ చెబుతోంది.