మా ఇంటి చలికోట్లు

చలికి సిద్ధపడాలంటే సింగపూర్‌ని మించిన ఊరు లేదు! నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను. కెనడాలో ఉన్నవాళ్ళకి సిద్ధపడే తీరిక ఎక్కడుంటుంది? కోటు జిప్పు పెట్టుకునేలోపే మంచు గుమ్మంలోకి వచ్చేస్తుంది. మనకా బాధ లేదు. ఏడాది పొడుగునా ముప్ఫై రెండు డిగ్రీలు. చలి రానే రాదు కాబట్టి ఎంతకాలమైనా నింపాదిగా సిద్ధపడవచ్చు!

మేం మూడేళ్ళుగా సిద్ధపడుతున్నాం. మేమంటే నేను, మా ఆవిడ సుభద్ర, మా అమ్మాయి చాందిని. దానికి ఏడేళ్ళప్పుడు జపాన్ తీసుకెళ్ళి మంచు చూపిస్తానని మాటిచ్చాను. ముగ్గురికీ కోట్లు, గ్లోవ్స్, బూట్లు కొన్నాం. ఎదిగే పిల్ల కదా అని దాని కోటు రెండు సైజులు పెద్దది తీసుకున్నాం. అప్పుడు కోటు చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. ఇప్పుడు మణికట్టుకి కూడా అందడం లేదు. ఇంకో ఏడాది గడిస్తే అంతే, ఆ తర్వాత పట్టదు.

కోట్లు ఉండగానే సరా? సాధన చేయొద్దూ! ఆదివారం పొద్దున బెడ్‌రూమ్ ఏసీ పదహారులో పెట్టి, మూడు పొరల బట్టలు తొడుక్కుని, గ్లోవ్స్‌తోనే పెసరట్టు తింటాం. అల్లం చట్నీ మరక నా కుడి గ్లోవ్‌ని ఇప్పటికీ వదల్లేదు. మంచు మీద నడక అలవాటు కావాలని హాల్లో టాల్కమ్ పౌడర్ చల్లాం. నాకు నడుం పట్టేసి రెండు రోజులు లేవలేదు. ఇంతటి శిక్షణ స్విట్జర్లాండ్‌లో పుట్టినవాళ్ళకైనా ఉంటుందా?

ఇక్కడి చెమ్మకి బూజు పడుతుందని నెలకోసారి ఆ కోట్లని వంటింటి కిటికీ బయట వెదురు కర్రలకి ఆరేస్తాం. మా సెంబవాంగ్ బ్లాకంతటికీ అదో వింత. మొదటిసారి చూసిన పై అంతస్తు అరుంధతి ఆంటీ, "ఏమ్మా సుభద్రా, ఇంట్లో ఎవరికైనా చలిజ్వరమా?" అంటూ మిరియాల కషాయం పట్టుకొచ్చింది. బూట్లు మాత్రం మోసం చేశాయి. గడప దాటకుండానే సోల్స్ ఊడి చేతికొచ్చాయి.

మరి ఇన్నాళ్ళూ వెళ్ళలేదేం అంటారా? నేను చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు బ్యాక్ ఆఫీసులో పనిచేస్తాను. మా మేనేజర్ అనిరుధ్ చాలా మర్యాదస్తుడు. ఏటా డిసెంబర్‌లో నా లీవ్ తిప్పికొట్టేటప్పుడు, "ఇయర్ ఎండ్ కదండీ, మీరు లేకపోతే ఆఫీసు నడవదు," అంటాడు. నేను లేకపోతే మా ఇంట్లో మిక్సీ కూడా ఆగదు! ఇంత గౌరవం వదులుకుని ఎవరైనా మంచులో జారిపడతారా?

పైగా, మేం వెళ్ళకపోతేనేం? కోట్లు వెళ్ళొస్తున్నాయిగా! స్నేహితులు అడిగి పట్టుకెళ్తారు. నా కోటు సియోల్ చూసింది, జ్యూరిక్ చూసింది. అవి తిరిగి రాగానే చాందిని జేబులు వెతుకుతుంది. ట్రామ్ టికెట్, చాక్లెట్ కాగితం, ఏది దొరికినా ఒక డబ్బాలో దాచుకుంటుంది. ఒకసారి కోటు అంచు కాస్త తడిగా ఉంటే నా దగ్గరికి తెచ్చి, "నాన్నా, ఈజ్ దిస్ స్నో వాటర్?" అంది. నేను లేచి ఏసీ ఇంకాస్త తగ్గించాను. ఆ తడి ఆరిపోకూడదని అనుకోండి.

ఈ డిసెంబర్‌లో అనిరుధే మా ఇంటికి వచ్చాడు. కుటుంబంతో జపాన్‌లోని హొక్కయిడో వెళ్తున్నాడట. "మీ దగ్గర కోట్లున్నాయని విన్నాను. మీరెలాగూ వెళ్ళడం లేదు కదా!" అన్నాడు.

వెళ్ళనివ్వనిది ఎవరో ఆయనకి గుర్తున్నట్టు లేదు. నవ్వుతూ నా కోటు జిప్పు ఎలా వేసుకోవాలో చూపించాను. సుభద్ర కాఫీ ఇచ్చి, లోపలికి వెళ్ళి గిన్నెలు చాలా గట్టిగా సర్దింది. చాందిని మాత్రం తన కోటు తనే మడిచి, వాళ్ళమ్మాయి కోసం ఇచ్చింది. "అంకుల్, పాకెట్ వెరీ వార్మ్ లా. మస్ట్ పుట్ యువర్ హ్యాండ్ ఇన్‌సైడ్," అని తన సింగపూర్ ఇంగ్లీషులో సలహా కూడా చెప్పింది. ఎంత మంచి పిల్లో అనుకున్నాను!

ఇప్పుడాయన మంచులో ఉన్నాడు. ఆయన పనీ నా పనీ కలిపి నేనే చేస్తున్నాను. ఈ వ్యాసం కూడా ఆయన కుర్చీలో కూర్చునే రాస్తున్నాను. నిన్న సాయంత్రం చాందిని అసలు సంగతి బయటపెట్టింది. నా కోటు కుడి జేబులో ఒక చీటీ పెట్టిందట. అందులో ఇంగ్లీషులో రాసింది ఇదీ:

"అంకుల్, ఇప్పుడు మీ పని మా నాన్న చేస్తున్నాడు. నెక్స్ట్ ఇయర్ మా నాన్న పని మీరు చేయండి. ఆ తర్వాత నా కోటు నాకు పట్టదు. కెన్ ఆర్ నాట్?"

జవాబు ఇంకా రాలేదు. ఆయన పంపిన ఫొటోలన్నిట్లోనూ మంచులో రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు. కుడి గ్లోవ్ మీద అల్లం చట్నీ మరక స్పష్టంగా కనిపిస్తోంది. గ్లోవ్స్ కూడా ఇచ్చి పెద్ద పొరపాటే చేశాం.

అక్కడ మైనస్ ఎనిమిదట. చలి ఎంత గొప్ప వరమో ఇప్పుడైనా ఒప్పుకుంటారా? ఇంకో నాలుగు డిగ్రీలు పడిపోతే చాలు, ఎంతటి మేనేజరైనా జేబులో చెయ్యి పెట్టాల్సిందే!