మూకుడులో మునిగిన మాట

ఆ రోజు పొద్దున దశరథ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆలుగడ్డ చిప్స్ ఒక వాయి వేయించి, కొత్త గాజు జాడీలు గోనెసంచిలో కట్టుకుని, కోదాడ బస్సెక్కి, అక్కడి బస్టాండులో తులసీరాం చిప్స్ అనేవి లేకుండా చేసి, సాయంత్రానికి సూర్యాపేటకు తిరిగి రావడం. అంతే.

సూర్యాపేట బస్టాండును అతను అలాగే గెలిచాడు. ప్రతి దుకాణానికీ ఒక జాడీ ఊరికే ఇచ్చాడు. దాని మీద ఎర్ర రంగుతో "లోపల దశరథ చిప్స్" అని రాయించాడు. షరతు ఒకటే, లోపల ఇంకెవరి చిప్సూ పడకూడదు. పడితే జాడీ వెనక్కి. దాంతో కోదాడ నుంచి అరటికాయ చిప్స్ మోసుకొచ్చిన తులసీరాం వచ్చిన దారినే పోవాల్సి వచ్చింది. పోతూ పోతూ నలుగురిలో ఒక మాట అనిపోయాడు, "బస్టాండుని గుత్తకు తీసుకున్నావా ఏంటి?" చెరువు చేపలకూ తాటివనానికీ గుత్త ఉంటుంది గానీ చిప్స్‌కు గుత్త ఏమిటని దశరథ అప్పుడు నవ్వి ఊరుకున్నాడు.

పొయ్యి పక్కన రేడియో వార్తలు చెబుతోంది. దశరథ ముక్కలను నూనెలో వేసినప్పుడల్లా సుయ్‌మని మోత లేచేది. వార్త అందులో మునిగి, మోత తగ్గాక తేలేది. "అమెరికాలో కంప్యూటర్" అనే మాటలు అలాగే మునిగిపోయాయి. తేలిన వార్త ఇది: "...చిప్స్ తయారుచేసే పెద్ద సంస్థ, పోటీదారు సరుకును ఎవరూ కొనకుండా అడ్డుపడుతోందన్న ఫిర్యాదుపై ప్రభుత్వం విచారణ మొదలుపెట్టింది. ఇది గుత్తాధిపత్యమేనని పోటీ సంస్థ ఆరోపించింది."

దశరథ చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది. గుత్త. ఆ మాట తులసీరాం నోటిదే.

"మన మీద కేసు పెట్టిండే," అన్నాడు భార్య కాటమ్మతో. "రేడియోల గూడ చెప్తున్నరు."

"మన పేరు చెప్పిన్రా?"

"పెద్ద సంస్థ అన్నరు. గీ బస్టాండుల మనకంటె పెద్దోడు ఎవడున్నడు?"

అంత భయంలోనూ ఆ మాట కాస్త గర్వంగానే వచ్చింది. ఈలోగా వాయి మాడింది. అతని భయం మాత్రం ఉత్తది కాదు. ఆ జాడీలే అతని బతుకు. సైకిలు మీద ఊరూరా తిరిగి చిప్స్ అమ్మిన కాలం అతని మోకాళ్లకు ఇంకా గుర్తుంది. అధికారులొచ్చి జాడీలు పట్టుకుపోతే మళ్లీ ఆ సైకిలే గతి. వాళ్లు వచ్చేలోగా జాడీల్లో తులసీరాం చిప్స్ కనబడితే? అప్పుడు అడ్డుపడ్డాడని ఎవరూ అనలేరు.

బస్టాండుకు పరుగెత్తి, మొదటి దుకాణం నడిపే పర్వతాలు అనే అతని చెవిలో ఒక మాట వేశాడు. ఎవరడిగినా ఇక్కడ అందరి చిప్సూ అమ్ముతామని చెప్పమన్నాడు. ఎందుకని అడిగితే "విచారణ" అన్న ఒక్క ముక్క వదిలి కోదాడ బస్సెక్కేశాడు. విచారణ అనగానే పర్వతాలుకు చిప్స్‌లో ఏదో పడకూడనిది పడిందని తోచింది. జాడీని బల్ల కిందికి తోసి, పక్క దుకాణానికి కబురు చెప్పాడు. దశరథ బస్సు మునగాల దాటేసరికి సూర్యాపేట బస్టాండులో ఒక్క జాడీ కూడా కంటికి కనబడలేదు.

బస్సులో దశరథకు కాలు నిలవలేదు. సీటుండగా నిలబడ్డాడు, నిలబడలేక కూర్చున్నాడు. ఖాకీ చొక్కా దగ్గరికొచ్చినప్పుడల్లా మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ చొక్కా కండక్టరుదే. టికెట్టు తీసుకోలేదేమోనని ఆయన రెండుసార్లు అడిగాడు.

కోదాడలో తులసీరాం అరటికాయలు తరుగుతున్నాడు. పగవాడు గోనెసంచితో గుమ్మంలో నిలబడి, ఉన్న చిప్సన్నీ కొంటానంటే ఎవరికి మాత్రం అనుమానం రాదు? కొనుక్కుపోయి రోడ్డున పారబోస్తాడనుకుని అమ్మనన్నాడు. దశరథ సంచి కింద పెట్టి చేతులు జోడించాడు.

"అన్నా, తప్పయింది. జాడీలల్ల నీ చిప్స్ గూడ పోపిస్త. కేసు వాపస్ తీస్కో."

"ఏం కేసు?"

"గుత్త కేసు. ఒకని చిప్స్ ఇంకొకడు అమ్మనియ్యకపోతే కేసంట. రేడియోల వచ్చింది."

తులసీరాం కత్తిపీట పక్కకు జరిపాడు. కోదాడ బస్టాండులో అతనూ చేసింది అదే, జాడీలకు బదులు రేకు డబ్బాలతో. మిర్యాలగూడ నుంచి అచ్చయ్య అనే అతను చిప్స్ తెస్తే, ఆ డబ్బాలు చూపించి పంపేసింది మొన్ననే.

"నేను పెట్టలేదయ్యా," అన్నాడు తులసీరాం నెమ్మదిగా. "ఆ అచ్చయ్యే మనిద్దరి మీదా పెట్టుంటాడు."

ఉన్న చిప్సన్నీ సంచుల్లో కుక్కుకుని ఇద్దరూ ఒకే బస్సెక్కారు.

సూర్యాపేటలో దిగి, బల్లల కింది జాడీలు బయటికి లాగి, విడివిడిగా పోసే వ్యవధి లేక కారం ఆలుగడ్డవీ మిరియాల అరటికాయవీ కలిపే పోశారు. అప్పుడే తెల్లచొక్కా, కళ్లజోడు, చంకలో ఫైలుతో ఒక మనిషి వచ్చి, జాడీ మీది రాత చదివి, లోపలికి తొంగి చూశాడు.

"దశరథ చిప్స్ అని రాశారు, అరటికాయవి కూడా ఉన్నాయే," అన్నాడు.

"గుత్త గిత్త ఏం లేదు సార్. గాయనవి, నావి, రెండూ అమ్ముతున్నం. జర రాసుకోండ్రి."

అచ్చయ్య వస్తే ఆయనవీ పోస్తామని తులసీరాం ఒట్టు పెట్టాడు. అడక్కుండానే ఇద్దరూ జాడీల సంగతీ, డబ్బాల సంగతీ, రేడియో సంగతీ పూసగుచ్చినట్టు చెప్పేశారు. ఆ మనిషి పేరు దావీదు. మిర్యాలగూడలో కంప్యూటర్ నేర్పే సెంటరు నడుపుతాడు. బస్సు వచ్చేలోగా ఒక పొట్లం కొనుక్కుందామని వచ్చాడు. నవ్వి నవ్వి కళ్లజోడు తుడుచుకుని, అది అమెరికా గొడవనీ, ఆ చిప్ కంప్యూటర్ లోపల ఉంటుందనీ, గోరంత ఉంటుందనీ చెప్పాడు.

"గోరంత చిప్స్ కోసం సర్కారు దాక పోయిన్రా?" అన్నాడు దశరథ.

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది. పగవాడి సరుకును తన జాడీల్లో తన చేత్తోనే పోసుకున్నాడు. వెంటనే ఏరేయడానికి ఒక జాడీలో చేయి పెట్టాడు. తులసీరాం ఇంకో జాడీలో పెట్టాడు. ఇంతలో హైదరాబాదు బస్సు వచ్చి ఆగింది. దావీదు పొట్లంలోంచి తింటున్న కలగలుపు చూసి దిగిన వాళ్లంతా అదే కావాలన్నారు. ఉత్త ఆలుగడ్డవి ఇస్తానంటే వద్దన్నారు. బస్సు కదిలేసరికి జాడీల అడుగు కనబడింది. ఇద్దరూ చేతులు బయటికి తీసుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కొద్ది రోజుల్లోనే సూర్యాపేట నుంచి కోదాడ దాకా ప్రతి జాడీ మీదా ఇద్దరి పేర్లూ ఎక్కాయి. ఆ కబురు విని మిర్యాలగూడ అచ్చయ్య బుట్టెడు చిప్స్‌తో ఆశగా వచ్చాడు. ఇద్దరూ ఆయనను కూర్చోబెట్టి చాయ్ తాగించారు.

"జాగ లేదన్నా, జాడీలు నిండినయ్," అన్నాడు దశరథ.

"బస్టాండులన్నీ గుత్తకు వట్టిన్రా?" అన్నాడు అచ్చయ్య, బుట్ట ఎత్తుకుంటూ.

మర్నాటి నుంచి దశరథ మూకుడు పెట్టే ముందు రేడియో కట్టేస్తున్నాడు.