బోర్డు మీద ఇటలీ గనీ

ఆదోనిలో అబ్దుల్ గనీ ఎవరని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపిస్తారు. ఇటలీ గనీ అంటే మాత్రం ఆటోవాడు మారుమాట లేకుండా తెచ్చి ఆయన సీట్ల కొట్టు ముందు దింపేస్తాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆరేళ్ళ కిందట బళ్ళారి ఆసామి ఒకడు కొత్త లాంబోర్గిని కారుకు పూజ చేయించడానికి మంత్రాలయం బయలుదేరాడు. ఆదోని దాటకముందే స్పీడు బ్రేకరు మీద కారు పొట్ట ఆనింది. ఊరంతా వచ్చి కారును చూస్తుంటే, గనీ ఒక్కడూ లోపలికి తలపెట్టి సీటు చూశాడు. పూజ సామాన్ల బుట్ట గీసుకుని కుట్టు జానెడు తెగి ఉంది. నడిరోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో కుట్టిచ్చాడు. గనీ ఇటలీ పోయి పని నేర్చుకుని వచ్చాడని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఆదోనిలో ఉన్నారు. ఆయన కాదని ఎవరికీ చెప్పలేదు.

అలాంటి గనీకి కళ్ళు పోతున్నాయి.

షుగరు చేసిన పని. కర్నూలులో డాక్టరు లైటు వేసి చూసి, ఆలస్యంగా వచ్చారన్నాడు. కుడికన్ను అయిపోయిందట, ఎడమది ఇంకో ఏడాది ఉంటే అదృష్టమట. "అట్లయితే సగం ధరకే అద్దాలు ఇప్పించండి సార్" అన్నాడు గనీ. డాక్టరు నవ్వలేదు. తోడు వచ్చిన భీమరావు సారు కూడా నవ్వలేదు. ఆయన రిటైరైన బడిపంతులు, గనీకి ముప్పై ఏళ్ళ టీ స్నేహితుడు. బస్సులో తిరిగి వస్తూ గనీ ఆయన చేత ఒట్టు వేయించుకున్నాడు.

"కుల్సుమ్‌కు తెలియకూడదు సారూ. అద్దాలు రాసినాడని సెప్తా."

కారణం ఉంది. కుల్సుంబీ తండ్రి గనీకి పని నేర్పిన ఉస్తాదు. జట్కా సీట్లు కుట్టీ కుట్టీ నలభై ఐదేళ్ళకే గుడ్డివాడయ్యాడు. పన్నెండో ఏట నుంచి ఇరవై మూడో ఏట దాకా ఆ పిల్లే ఆయన చెయ్యి పట్టుకుని కొట్టుకు, మసీదుకు, ఆస్పత్రికి నడిపించింది. ఆడుకునే వయసంతా ఆయన వేలు పట్టుకునే గడిచిపోయింది. నిఖా అయిన రోజు ఆమె గనీతో ఒకే మాట అన్నది. "నీ ఇంట్లో ఏ పని సెప్పినా సేస్తా. ఇంకొక మనిషిని సెయ్యి పట్టుకుని నడిపించేది మాత్రం నాతో కాదు." గనీ నవ్వేసి, నావి గద్ద కండ్లు అన్నాడు. ముప్పై రెండేళ్ళ తర్వాత ఆ నవ్వు తల్చుకుంటే ఆయనకు నోట్లో ముద్ద దిగడం లేదు.

దాచడం మొదలుపెట్టాడు. దాచేవాడికి ఎదుటివాళ్ళ కళ్ళు కూడా పోతే బాగుండేది. కుల్సుంబీకి పోలేదు.

"ఏమయ్యా, ఆ కరెంటు స్తంభానికి సలాం ఎందుకు సేసినావు?"

"అలవాటైపోయింది. మంచివాళ్ళు ఎదురైతే సెయ్యి దానంతటదే లేస్తాది."

"టీలో ఉప్పేసుకుని తాగినావు?"

"డాక్టరు సక్కెర వద్దన్న్యాడు గదా!"

"ఫోన్‌లో ఏం సూస్తాండావు?"

"ఇటలీ కార్లు."

"ఇటలీలో కార్లు తలకిందులుగా పోతాయా?"

గనీ ఫోన్ తిప్పి పట్టుకున్నాడు. అసలు ఫోన్ ముందే సరిగా ఉంది. ఇప్పుడు నిజంగానే తలకిందులైంది. కుల్సుంబీ వంటింట్లోకి పోయింది. గనీ తన తెలివిని తనే మెచ్చుకున్నాడు.

ఇలా ఎనిమిది నెలలు గడిచాక, ఆలోచన వచ్చింది టీకొట్టు దగ్గర. భీమరావు పేపరు చదివి వినిపిస్తున్నాడు.

"నీ లాంబోర్గిని ఇటలీది కాదయ్యా గనీ. ఓనర్లు జర్మనీవాళ్ళు."

"పేరు?"

"పేరు ఇటలీదే. ఎద్దు బొమ్మ కూడా అదే. మొదలుపెట్టినాయన ముందు ట్రాక్టర్లు చేసేవాడట. ఇంగ్లండు జాగ్వారు మన టాటాది. స్వీడన్ వోల్వో చైనావాళ్ళది."

"మరి బోర్డులు మార్చరా?"

"ఎందుకు మారుస్తారు? జనం కొనేదే ఆ పేరును చూసి. ఆ ఊరు, ఆ ఫ్యాక్టరీ, ఆ మనుషులే. వెనకాల ఓనరు ఒక్కడే మారతాడు."

గనీ టీ గ్లాసు కింద పెట్టాడు. బల్ల అంచు దాటి పెట్టాడు. గ్లాసు పగిలినా ఆయన పట్టించుకోలేదు, అంత గొప్పగా తోచింది ఆ మాట. ఎమ్మిగనూరులో బాలరాజు అని కార్ల డెకరేషన్ కొట్టువాడు ఉన్నాడు. గనీ దగ్గర సీటు కవర్లు కుట్టించుకుంటాడు, కొట్టు అమ్మేదుంటే నాకే చెప్పమని ఏడాదిగా అడుగుతున్నాడు. కొట్టు ఆయనకిచ్చేస్తే సరి. బోర్డు మీద గనీ పేరు అలాగే ఉంటుంది. గనీ రోజూ పోయి గల్లా దగ్గర కూర్చుంటాడు. కుట్టేది బాలరాజు మనుషులు. కుల్సుంబీకి జన్మలో తెలియదు.

బాలరాజు ఫోన్‌లోనే ఒప్పుకున్నాడు, అమ్మకం కాగితం కూడా పంపించాడు. ఇంటిపన్ను రసీదు చూస్తే గానీ మతలబు బయటపడలేదు. కొట్టు గది, అందులోని మిషను ఉస్తాదు కూతురికి రాసిచ్చినవి. రసీదు మీద ఉన్న పేరు షేక్ కుల్సుంబీ. ముప్పై రెండేళ్ళుగా ఆ సంగతి గనీకి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

భీమరావు రసీదు చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వే అసలు ఇటలీవయ్యా! బోర్డు నీది, ఓనరు జర్మనీ, ఇంట్లో రొట్టెలు చేస్తోంది."

"నవ్వొద్దు సారూ. సంతకం నేను పెట్టిస్తా."

మరునాడు పొద్దున కాగితం చాప మీద పరిచాడు. "కుల్సుమ్, సచివాలయం వాళ్ళు అడిగినారు. రేషన్ కార్డుకు. ఒక సంతకం పెట్టు."

"యాడ పెట్టాల?"

"ఈడ." వేలు పెట్టి చూపించాడు.

"ఆడ చాప ఉంది."

"అదే, దాని పక్కన."

ఆమె పెన్ను అందుకుని ముందు కాగితమంతా తీరిగ్గా చదివింది. ఏడో తరగతి దాకా చదివిన మనిషి. తర్వాత రాయడం మొదలుపెట్టింది. గనీ చెవికి పెన్ను గీసుకునే చప్పుడు చాలాసేపు వినబడింది.

"సంతకం అంతసేపు రాస్తాండావే?"

"ఇంకు రాలేదు. గీకి సూస్తాండా."

కాగితం మడిచి ఆయన జేబులో తనే పెట్టింది. జేబు మీద చెయ్యి ఒక క్షణం ఆపింది. మోసం చేస్తున్నానని గనీకి తెలుసు. అయినా మంచికేనని సర్దుకున్నాడు.

భీమరావు ఆ రోజు పని ఉండి మంత్రాలయం పోయాడు. గనీ ఒక్కడే బస్సెక్కాడు. బోర్డు చదవలేడు, అడగడానికి నామోషీ. కోసిగిలో దిగాక, ఇది ఎమ్మిగనూరు కాదని టీకొట్టు మనిషి చెప్పాడు. "తెల్సు, ఊరికే సూసి పోదామని వచ్చినా" అన్నాడు గనీ. అక్కడ మూటలు కట్టుకుని పిల్లాజెల్లాతో వలస పోయేవాళ్ళ మధ్య గంటన్నర నిలబడి, మరో బస్సు పట్టుకుని ఎమ్మిగనూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

బాలరాజు కుర్చీ వేశాడు. గనీ కాగితాన్ని దర్జాగా తీసి బల్ల మీద పెట్టాడు. "సంతకం అయిపాయ. సూసుకో."

బాలరాజు విప్పి చూశాడు. కాగితాన్ని మళ్ళీ మడవబోయాడు.

"ఏందప్పా, సంతకం కుదర్లేదా?"

"సంతకం ఉంది చాచా. దాని పైన ఇంకా ఉంది."

"సదువు."

"వద్దులే చాచా."

"సదువప్పా!"

బాలరాజు గొంతు సవరించుకున్నాడు. "'బాలరాజు అన్నకు సలాం. ఈ కొట్టు నాది. నేను అమ్మను. ఈ కాగితం తెచ్చిన మనిషికి కండ్లు కనపడవు. నాకు తెల్దని అనుకుంటాండాడు. ఆయప్పను కోప్పడొద్దు. సక్కెర లేని టీ ఇచ్చి, రోడ్డు దాటించి, ఆదోని బస్సెక్కించి, ఈ నంబరుకు ఫోన్ సెయ్యండి. కుల్సుంబీ.'"

తన గుట్టు తనే జేబులో పెట్టుకుని, రెండు బస్సులు మారి తెచ్చి ఇచ్చాడు గనీ. కొట్టులో పనివాళ్ళు మిషన్లు ఆపేశారు. ఆయనకు చెవులు వేడెక్కాయి. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"కండ్లు పోతే ఏమప్పా? చేతులుండాయి. ఈ ఎనిమిది నెల్లు నేను కుట్టిన కవర్లే గదా నువ్వు బాగుండాయంటివి!"

బాలరాజు ఒక కవరు తెచ్చి ఒళ్ళో పెట్టాడు. "పోయిన వారం పంపినావు చాచా. లోపల గుర్తు సూడు."

ఉస్తాదు శిష్యులకు ఒక అలవాటు ఉంది. ప్రతి కవరుకు లోపలివైపు, తొడిగేవాళ్ళకు తప్ప ఎవరికీ కనబడని కుడి మూలన నెలవంకలా చిన్న కుట్టు వేస్తారు. గనీ బొటనవేలు అలవాటుగా కుడి మూలకు పోయింది. అక్కడ నున్నగా ఉంది. వేలు ఎడమ మూలకు పోయింది. నెలవంక అక్కడ ఉంది.

ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ఎడమచేతివాటం మనిషి ఒక్కరే. ఆయన కూతురు.

గనీ రోజూ మధ్యాహ్నం ఇంటికి పోయి, తిని, సాయంత్రం అసర్ నమాజు దాకా పడుకుంటాడు. ఆ వేళకు కుల్సుంబీ కొట్టు ఊడ్చి వస్తానని తాళాలు తీసుకుని పోతుంది. ఎనిమిది నెలలుగా ఊడుస్తూనే ఉంది. ఆయన కుట్టిన వంకర కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టేది. గిరాకీలు శభాష్ అన్నప్పుడల్లా ఆయన మీసం తిప్పుకున్నాడు. కళ్ళు పోతున్నాయని ఆయనకు తెలుసు. చేతులు కూడా పోయాయని ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. ఏడుపు వచ్చింది. కవరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బాలరాజు చక్కెర లేని టీ తెప్పించాడు.

ఆదోనిలో బస్సు దిగేసరికి కుల్సుంబీ స్టాండులోనే ఉంది. ముందు ఆమె గొంతు వినబడింది.

"రేషన్ కార్డు వచ్చెనా?"

గనీ తల వంచుకున్నాడు. "ఎప్పుడు తెల్సె నీకు?"

"నీకన్నా ముందే. మా నాయన కూడా స్తంభాలకు సలాం సేసేవాడు."

"నిఖా దినం నువ్వన్న మాట... అందుకే సెప్పలేదు కుల్సుమ్."

బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. కుల్సుంబీ ఎక్కడికైనా పోయిందేమోనని గనీకి భయమేసింది. గాలిలోకి చెయ్యి చాపాడు. ఎవరూ పట్టుకోలేదు.

"అన్న మాట అన్నట్టే ఉండాది" అంది కుల్సుంబీ. "సెయ్యి నేను పట్టను. పదకొండేండ్లు పట్టినా, ఇంక నాతో కాదు. నేను ముందర నడుస్తా. నా భుజం మీద నువ్వే సెయ్యేసుకో."

గనీ తడుముకుని ఆమె భుజం పట్టుకున్నాడు. ఒకటికి రెండుసార్లు కొంగు మీద నుంచి చెయ్యి జారింది, మళ్ళీ పట్టుకున్నాడు. రోడ్డు దాటారు. కొట్టు మలుపు దగ్గర గనీ అడిగాడు.

"కుల్సుమ్, మరి బోర్డు?"

"ఉండనీలే నీ పేరే. జనానికి అలవాటైపోయింది." తాళం తీసి షట్టరు ఎత్తింది. "గల్లా దగ్గర కూసో. ఎవరన్నా అడిగితే ఇటలీ కార్ల సంగతి సెప్పు. మిషను దగ్గరికి మాత్రం రావద్దు, విప్పలేక సస్తాండా."

గనీ పోయి కూర్చున్నాడు. మిషను చప్పుడు మొదలైంది. ఫోన్ తీసి, ఏ వైపు పైకి ఉందో తెలియక, ఊరికే చేతిలో పట్టుకున్నాడు.