అత్తగారు ఈజా, ఆరా?

ప్రపంచంలో మనుషులు రెండే రకాలు: 'ఈజ్' అనిపించుకునేవారు, 'ఆర్' అనిపించుకునేవారు. ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత ఆంగ్ల సామర్థ్య నిర్ధారణ మండలిది. ఆ రెండింటికీ తేడా తెలియని నర్సు చేతిలో సూది క్షేమం కాదని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. (సూది పొడిపించుకునేవారి అభిప్రాయం తీసుకోలేదు. అడిగే సమయానికి వాళ్లు అరుస్తున్నారు.)

ఈ తీర్మానం వచ్చి పిల్లల వార్డులో సిస్టరమ్మ నెత్తిన పడింది. అసలు పేరేమిటో జీతాల గుమాస్తాకు కూడా గుర్తులేదు, అందరికీ ఆవిడ సిస్టరమ్మే. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఏడాది చివరికొచ్చిందంటే ఆమెకు తిండి సహించదు. కాంట్రాక్టు పొడిగిస్తారో, 'ఇక చాలమ్మా' అంటారో తెలియదు. పర్మినెంట్ అయితే ఆ బెంగ తీరుతుంది, జ్వరమొస్తే సెలవు కూడా పెట్టుకోవచ్చు. (ఆస్పత్రిలో పనిచేసే మనిషికి జ్వరానికి సెలవు లేకపోవడమేమిటని అడక్కండి. ఆ సంగతి చూడ్డానికి వేరే మండలి ఉంది.) కానీ పర్మినెంట్ కావాలంటే ముందు వ్యాకరణం పాసవ్వాలి.

శిక్షణ తరగతులు దుప్పట్లు దాచే గదిలో పెట్టారు. బోర్డు మంజూరు కాకపోవడంతో మాస్టారు తలుపు మీదే సుద్దముక్కతో రాసేవారు. ఆయా దుప్పటి కోసం వచ్చి తలుపు తోసినప్పుడల్లా వ్యాకరణం గోడవైపు తిరిగిపోయేది.

"'మై మదర్ ఇన్ లా' ఖాళీ 'ఇన్ ద కిచెన్'. ఖాళీలో ఏం పెట్టాలమ్మా?"

"ఆర్ అండీ," అంది సిస్టరమ్మ తడుముకోకుండా.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీకు ఎంతమంది అత్తగార్లమ్మా?"

"ఒక్కరేనండి."

"ఒక్కరైతే ఈజ్ కదా!"

"ఒక్కరైతే మాత్రం, అత్తగారండీ! 'ఉన్నారు' అంటాం గానీ 'ఉంది' అంటామా?"

మాస్టారు పుస్తకం తిరగేశారు. పెద్దవాళ్లమీద గౌరవం ఎక్కడ పెట్టాలో మండలి ఇచ్చిన పుస్తకంలో లేదు. పాసవ్వాలంటే ఒక్కరైతే ఎవరినైనా ఈజ్ అనక తప్పదని చెప్పి తరగతి ముగించారు.

ఇంటికొచ్చిన సిస్టరమ్మ గిన్నెలు తోముతూ 'మదర్ ఇన్ లా ఈజ్, మదర్ ఇన్ లా ఈజ్' అని వల్లెవేసింది. అత్తగారు చెవులు రిక్కించారు.

"ఏమిటే అది, నన్నేదో అంటున్నావు?"

"ఈజ్ అంటే ఏకవచనం నానమ్మా," అని మనవరాలు పుస్తకంలోంచి తలెత్తకుండానే నిప్పంటించింది.

"ఏకవచనమా! ఇన్నాళ్లూ మీరు, మీరు అన్నదానివి, ఉద్యోగం పర్మినెంట్ కాకముందే నన్ను ఏకవచనంలోకి దింపావా?"

సిస్టరమ్మకు ఏడుపొక్కటే తక్కువ. విషయమంతా చెప్పింది. అత్తగారు కాసేపు మూతి ముడుచుకుని, ఆనక మెత్తబడ్డారు. "సరేలే, పరీక్ష అయ్యేదాకా ఈజ్ అనుకో. అయిన మర్నాడు మాత్రం నన్ను మళ్లీ ఆర్‌లో పెట్టాలి."

ఇల్లు సర్దుకుంది. ఆస్పత్రి సర్దుకోలేదు. నమూనా మౌఖిక పరీక్షలో సిస్టరమ్మ కళ్లు మూసుకుని, "ద స్ట్రెచర్ ఈజ్ ఇన్ ద కారిడార్. ద పరిపాలనాధికారి ఈజ్ ఇన్ ద రూమ్," అని గడగడా అప్పజెప్పేసింది. కళ్లు తెరిచేసరికి పరిపాలనాధికారి గుమ్మంలోనే ఉన్నారు.

"స్ట్రెచర్‌కీ నాకూ ఒకటే క్రియా?" అన్నారాయన. ముఖం కందగడ్డయింది.

"వ్యాకరణం సార్," అన్నారు మాస్టారు.

"అయితే వ్యాకరణాన్ని సవరించండి."

సవరించారు. అందుకో ఉపసంఘం వేశారు, అది టీ తాగుతూ మూడుసార్లు సమావేశమైంది. అధికారులు ఒక్కరున్నా ఆర్. సెలవులో ఉన్న అధికారి తిరిగొచ్చేదాకా ఈజ్. పదవీ విరమణ చేసినవారు, ఆరోగ్యంగా ఉన్నప్పటికీ, వాజ్. ఇలా చాలానే ఉన్నాయి. సవరణ ప్రతులను పర్మినెంట్ సిబ్బందికి మాత్రమే పంచారు. (పరీక్ష రాసేది కాంట్రాక్టు సిబ్బంది కదా అని ఎవరో అన్నారట. ఆయన్ను మరుసటి సమావేశానికి పిలవలేదు.) మాస్టారు మాత్రం పాపమని సిస్టరమ్మను పక్కకు పిలిచి, "అధికారులకు ఆర్ రాయండమ్మా. అంతవరకే నాకూ తెలుసు," అన్నారు.

పరీక్ష రోజున అన్నీ తెలిసిన ప్రశ్నలే వచ్చాయి. పరిపాలనాధికారికి ఆర్ పెట్టింది, స్ట్రెచర్‌కు ఈజ్ పెట్టింది. ఆఖరిది, 'ద కాంట్రాక్ట్ నర్సెస్' ఖాళీ 'వెయిటింగ్ ఇన్ ద కారిడార్'. సిస్టరమ్మ తలెత్తి చూసింది. కారిడార్‌లోనే బల్లలు వేశారు. ఆ చివరిదాకా తనలాంటివాళ్లే, వంచిన తలలు వంచినట్టే ఉన్నారు. ఇందులో ఇంక అనుమానమేముంది? నిండు నమ్మకంతో ఆర్ అని రాసి, కలం మూత పెట్టేసింది.

ఒక్క మార్కు తక్కువతో తప్పింది.

అడగడానికి వెళితే, గుమాస్తా సవరణ ప్రతిని తన వైపే తిప్పుకుని చదివాడు. "కాంట్రాక్టు సిబ్బంది ఎంతమంది ఉన్ననూ ఈజ్ అనియే వ్యవహరించవలెను."

"ఎంతమంది ఉన్నా? మరి మాకు ఆర్ ఎప్పుడొస్తుందండీ?"

"పర్మినెంట్ అయ్యాక."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూలబడింది. అత్తగారు మంచినీళ్లు తెచ్చి పక్కనే కూర్చున్నారు. ఫలితమేమిటో ముఖమే చెబుతోంది.

"అంటే, మళ్లీ పరీక్ష పెట్టేదాకా నేను ఈజేనా?"

"నేనూ ఈజే, అత్తయ్యా."

"పిచ్చిదానా," అన్నారు అత్తగారు కోడలి వీపు నిమురుతూ, "ఇద్దరమున్నాం కదే. ఇద్దరైతే ఆర్ అవదూ?"

(మండలి విడుదల చేసిన కీ ప్రకారం ఈ జవాబు తప్పు.)