ప్రారంభోత్సవానికి ఒక సాక్షి

నేరాల వల్ల దెబ్బతిన్నవారిని, ఆ నేరాలను కళ్ళారా చూసి నోరు విప్పినవారిని ఇకమీదట దిక్కులేకుండా వదిలెయ్యరాదని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకుముందు వదిలెయ్యాలని తీర్మానమేమీ లేదు. అది తీర్మానం అక్కర్లేకుండానే సజావుగా జరిగిపోయేది. ఈసారి మాత్రం పైనుంచి నిధులు వచ్చాయి. వచ్చిన నిధులు ఏడాది తిరిగేలోగా ఖర్చు కాకపోతే వచ్చిన దారినే వెనక్కి పోతాయి. నిధులు వెనక్కి పోవడాన్ని మించిన ఘోరం పురపాలక సంఘం ఎరగదు. కనక సభ్యులందరూ బాధితుల పట్ల ఒక్కసారిగా కరిగి నీరైపోయారు.

బాధితుల, సాక్షుల ఆదరణ కేంద్రం అని పేరు పెట్టారు. దానికొక సంచాలకుణ్ణి వేశారు. ఆయన అంతవరకు వీధికుక్కల విభాగం చూసేవాడు. దెబ్బలు తిన్నవాటితోనూ, అరిచేవాటితోనూ మెలిగిన అనుభవం ఉంది గనక ఆయనే తగినవాడని అందరూ ఒప్పుకున్నారు. బల్ల వచ్చింది. బీరువా వచ్చింది. గోడ గడియారం వచ్చింది. రావలసింది ఒక బాధితుడు, వీలైతే ఒక సాక్షి. ఊళ్ళో నేరాలకు లోటు లేదు గానీ సాక్షులకు మహా కరువు. అక్కడి జనం పెంపకం అలాంటిది, పరాయివాళ్ళ గొడవల్లో తల దూర్చరు.

ఆ కరువు తీర్చిన మహానుభావుడు బజారు వీధి కళ్ళజోళ్ళ దుకాణం ఆయన.

ఈయన్ని ధైర్యవంతుడని ఇంతవరకు ఎవరూ అనలేదు. దుకాణంలో ఎలక కనిపిస్తే భార్యను కేకేసే రకం. మనిషి ముక్కు చూసి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పడం, అద్దం మీద వేలిముద్ర పడితే బాధపడడం, సాయంత్రం తాళం వేసి మూడుసార్లు లాగి చూసుకోవడం, ఇదీ ఆయన జీవితం. ఆయన దుకాణానికి ఎదురుగా ఒక మేడ. పై గదిలో ఒకామె అద్దెకుండి బట్టలు కుట్టేది. ఆమెను ఊరంతా మిషనక్క అంటారు. మొగుడు పోయాక ఆ మిషనే ఆమెకు మొగుడు, ముద్ద, మర్యాద.

మేడ యజమాని గది ఖాళీ చెయ్యమన్నాడు. "చేతిలో ఉన్న బట్టలు కుట్టిచ్చేసి పోతాను, నెలాఖరు దాకా ఆగండి బాబూ" అంది మిషనక్క. యజమాని ఆగేవాడేమో తెలీదు గానీ, ఆయన కొడుకు చిన్నబాబుకు ఆగే అలవాటు లేదు. ఒక మిట్టమధ్యాహ్నం వచ్చి మిషనును మెట్ల మీంచి కిందికి దొర్లించాడు. దాని వెనకే పరిగెత్తుకొచ్చి, చంటిబిడ్డను పట్టుకున్నట్టు దాన్ని పట్టుకున్న మిషనక్క కుడిచేతిని నడివీధిలో ఇనపరాడ్డుతో విరగ్గొట్టాడు.

పోలీసులొచ్చి వీధిని విచారించారు. టీకొట్టాయన సరిగ్గా అప్పుడే పొంగుతున్న పాల వైపు చూస్తున్నాడు. మంగలిషాపులో ఉన్నవాళ్ళ మొహాల నిండా నురగ. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సు వచ్చే వైపు చూస్తున్నారు. ఆ రోజు బస్సు రానేలేదు, అయినా చూస్తూనే ఉన్నారు. మేడ పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నానన్నాడు. చివరికి లెక్క చూస్తే వీధిలో సగం మంది ఆ క్షణానికే కళ్ళజోళ్ళు తీసి తుడుచుకుంటున్నట్టు తేలింది. అవన్నీ అమ్మింది తనే కాబట్టి, నా సరుకు అంత మురికి పడుతుందా అని కళ్ళజోళ్ళాయన కాస్త నొచ్చుకున్నాడు.

ఆ నొప్పిలోనే నోరు జారాడు. "నేను చూశానండీ" అన్నాడు. అన్నాక అద్దం మీద లేని వేలిముద్రను తుడవసాగాడు గానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ఇంటికెళ్తే భార్య అప్పటికే సిద్ధంగా ఉంది. "ఊళ్ళో ఇంకెవరికీ కళ్ళు లేవా? దేవుడు మీ ఒక్కరికే ఇచ్చాడా?"

"చూశాను కదే."

"చూస్తే? చూసినవన్నీ చెప్పేస్తారా? మా తమ్ముడు మీ గల్లాపెట్టెలో చెయ్యి పెట్టినప్పుడు చూసీ చూడనట్టు ఊరుకోలేదూ? ఇదీ అలాగే ఊరుకోవాల్సింది."

"అప్పుడు ఎవరి చెయ్యీ విరగలేదు" అన్నాడాయన. భార్య కంచం కొంచెం గట్టిగా పెట్టింది.

తర్వాత దుకాణం ముందు అద్దం పగిలింది. రాయి తనంతట తానే ఎగిరొచ్చిందని వీధి అభిప్రాయం. ఎవరో ఫోను చేసి, కళ్ళజోళ్ళు అమ్ముకునేవాడికి కళ్ళు చాలా అవసరం కదా అని కుశలమడిగారు. పాత ఖాతాదారులు దుకాణం దగ్గరికొచ్చేసరికి రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడవసాగారు. స్టేషనులో ఒక కానిస్టేబులు జాలిపడి, "మీలాంటి వాళ్ళకని ఆఫీసు పెట్టారంట, పోయి అడగండి" అన్నాడు.

కళ్ళజోళ్ళాయన, మిషనక్క కలిసి వెళ్ళారు. కేంద్రం తాత్కాలికంగా పురపాలక కార్యాలయం వెనక గదిలో ఉంది. వీళ్ళు ఫలానా అని తెలియగానే సంచాలకుడు పెళ్ళివారొచ్చినట్టు లేచి నిలబడ్డాడు.

"ఇద్దరూ ఒకే కేసా? జంటగా వచ్చారా! శుభం. కూర్చోండి. మీ వివరాలు ప్రాణం పోయినా బయటికి పొక్కనివ్వం" అని, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒరేయ్, చిన్నబాబు కేసులో సాక్షి వచ్చాడు, రెండు టీలు పట్రా!" అని బంట్రోతును కేకేశాడు. నీటిపన్ను కట్టడానికి వరసలో ఉన్నవాళ్ళందరూ సాక్షిని తేరిపార చూసి, మర్యాదగా మొహాలు తిప్పుకున్నారు.

మిషనక్క కోరింది చిన్న విషయం. "కట్టు విప్పారు సార్. వేళ్ళు ముడుచుకోవట్లేదు. రోజూ దగ్గరుండి కసరత్తు చేయిస్తే పనికొస్తాయన్నారు డాక్టరుగారు. అదొక్కటి చేయించండి. కత్తెర పట్టుకోగలిగితే చాలు."

కళ్ళజోళ్ళాయన కోరిందీ పెద్దదేం కాదు. "కోర్టు గుమ్మం దగ్గర వాళ్ళ మనుషులు నిలబడతారట. మా వెంట ఎవరినైనా పంపితే... పిలిచేదాకా వేరే గదిలో కూర్చోబెట్టే ఏర్పాటేదైనా..."

సంచాలకుడు ఎంతో ఓపిగ్గా నిధుల స్వరూపం వివరించాడు. భవనానికి నిధులున్నాయి, రంగులకున్నాయి, ఏసీకి ఉన్నాయి, ప్రచారానికి ఉన్నాయి, ప్రారంభోత్సవానికి దండిగా ఉన్నాయి. వేళ్ళు అనే పద్దు మాత్రం లేదు. వెంట వెళ్ళడం అనే పద్దు ఉండేది గానీ దాన్ని ప్రారంభోత్సవంలో కలిపేశారు, ఎందుకంటే ఆ రోజు అందరూ పురపాలక సంఘం అధ్యక్షులవారి వెంటే ఉంటారు. మనసు చెదిరినవాళ్ళకు ధైర్యం చెప్పే నిపుణురాలి విషయంలో మంచి పురోగతి ఉంది. ఆమె కుర్చీ మంజూరై వచ్చేసింది కూడా. మనిషి పరిశీలనలో ఉంది.

"అప్పటిదాకా ఊరికే పంపుతామా?" అని, 'భయం వద్దు, మేమున్నాం' అని అచ్చేసిన పెద్ద పోస్టరొకటి ఇచ్చాడు. మంచి దళసరి కాగితం. కళ్ళజోళ్ళాయన దాన్ని పగిలిన అద్దానికి అడ్డంగా అంటించుకున్నాడు. గాలి బాగానే ఆగింది.

ఈలోగా ఎదురు మేడ మీద మిషనక్క ఖాళీ చేసిన గదికి జోరుగా రంగులు పడుతున్నాయి. ఏ సెల్‌ఫోన్ల దుకాణమో వస్తోందనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. ఒక పొద్దున దుకాణం తెరుస్తుంటే మేడకు అడ్డంగా బ్యానరు వేలాడుతోంది. బాధితుల, సాక్షుల ఆదరణ కేంద్రం. ప్రారంభకులు అధ్యక్షులవారు. స్థలదాత మేడ యజమానిగారు. దాత అన్నది గౌరవవాచకం. నిధుల్లో సింహభాగం ఆ దానానికి అద్దెగా పోతోంది. కింద కళ్ళజోళ్ళాయన ఫోటో. గోప్యత పాటించాలి గనక కళ్ళ మీద నల్లపట్టీ వేసి, 'ఈ ధైర్యశాలి ఎవరో మేము చెప్పం' అని రాశారు. ఫోటోలో ఆయన తన దుకాణం బోర్డు కిందే నిలబడి ఉన్నాడు.

అప్పుడు ఆయనకు మొత్తం అర్థమైంది. నిధులు వెనక్కి పోతాయని పురపాలక సంఘం యజమానిని తొందరపెట్టింది. గది ఖాళీ కాలేదని యజమాని కొడుకును తొందరపెట్టాడు. కొడుకు తన తొందర మిషనక్క చేతి మీద తీర్చుకున్నాడు. మిగతా శాఖలు లబ్ధిదారుల కోసం ఊరంతా వెతుక్కుంటాయి. ఈ కేంద్రం మాత్రం తలుపులు తెరవకముందే తనకు కావలసిన బాధితురాల్ని తానే తయారుచేసుకుంది. పరిపాలనలో ఇంత ముందుచూపు అరుదు.

ప్రారంభోత్సవం రోజు మిషనక్కను మెట్లెక్కించారు. తన గదిలోకి తాను అతిథిగా వెళ్ళిందామె. మిషను ఉన్నచోట ఇంకా ప్లాస్టిక్కు తొడుగు విప్పని సోఫా ఉంది. ఆమె దాని మీద కూర్చోబోతే సంచాలకుడు, "ఇప్పుడే వద్దమ్మా, ముందు అధ్యక్షులవారు కూర్చోవాలి" అన్నాడు.

అధ్యక్షులవారు మైకు పట్టుకున్నారు. "సోదర సోదరీమణులారా! బాధితులు లేనిదే ఈ కేంద్రం లేదు! కనక ఇంకా ఎక్కువమంది బాధితులు ముందుకు రావాలని, ఈ కేంద్రం మూడు బాధితులు ఆరు సాక్షులుగా వర్ధిల్లాలని ఆశీర్వదిస్తున్నాను!" జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో తండ్రి పక్కన కూర్చున్న చిన్నబాబు అందరికంటే గట్టిగా కొట్టాడు.

తర్వాత రిబ్బను. బాధితురాలి చేతే కత్తిరించాలని ముచ్చటపడి, కత్తెర ఆమె కుడిచేతిలో పెట్టారు. వేళ్ళు ముడుచుకోలేదు. కత్తెర జారింది. "అన్నయ్యా, పట్టు రావట్లేదు" అని కళ్ళజోళ్ళాయన వైపు చూసింది. ఫోటోలు తీసేవాళ్ళు తొందరపెట్టారు. అధ్యక్షులవారు తన చేత్తో ఆమె వేళ్ళను గట్టిగా అదిమి రిబ్బను కత్తిరించేశారు. మిషనక్క కెవ్వుమంది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మర్నాడు పత్రికలో ఆ ఫోటో కింద 'ఆనందబాష్పాలు' అని పడింది.

ఆ కేక విన్నాక కళ్ళజోళ్ళాయనకు చెవులు గింగుర్లెత్తాయి. కేంద్రం చేసిన మేలు గురించి రెండు ముక్కలు చెప్పమని చేతిలో మైకు పెడితే, ఆయన ముందు వరస వైపు చూశాడు. "ఈ మెట్ల కిందే ఈ అమ్మ చెయ్యి విరగ్గొట్టారు. కొట్టినవాడు ఇక్కడే కూర్చున్నాడు. నేను చూశాను. మీరందరూ చూశారు..." అన్నాడు. మైకు ఆగిపోయింది. ఆయన మైకు లేకుండానే ఇంకా ఏదో అన్నాడు గానీ, వీధికి వినబడలేదు. చూపు ఎటూ మందగించిన వీధే కదా, ఆ రోజు వినికిడి కూడా మందగించింది. సంచాలకుడు నవ్వుతూ ఒక జ్ఞాపిక చేతిలో పెట్టి, యజమాని పక్కన నిలబెట్టి ఫోటో తీయించాడు.

కోర్టు రోజు కేంద్రం తరఫున ఎవరూ రాలేదు. సంచాలకుడు ఉత్తమ కేంద్రం అవార్డు తీసుకోవడానికి వెళ్ళాడు. కళ్ళజోళ్ళాయన చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని గుమ్మంలో నిలబడితే, భార్య వచ్చి సరిచేసి చెప్పులేసుకుంది.

"నువ్వెక్కడికే?"

"మీ వెంటే. గుమ్మం దగ్గర ఎవడు నిలబడతాడో నేనూ చూస్తాను. ఎలకలకైనా మనుషులకైనా ఇంట్లో దిక్కు నేనేగా."

కోర్టు వసారాలో ఒకే బెంచీ. సగం మీద చిన్నబాబు మనుషులు కాళ్ళు చాపుకుని ఉన్నారు. ఆమె వెళ్ళి, "కాస్త జరగండి నాయనా, దెబ్బ తిన్న మనిషి కూర్చోవాలి" అని, వాళ్ళకూ మిషనక్కకూ నడుమ గోడలా కూర్చుంది. పిలుపొచ్చేదాకా మిషనక్క ఎడమచెయ్యి వదల్లేదు. నిధులతో పనిలేకుండా ఊళ్ళో బాధితులకు, సాక్షులకు అందిన సహాయం మొత్తం ఇదే.

ముద్దాయి ప్లీడరు కళ్ళజోళ్ళాయనకు ఫోటో చూపించాడు. "ఇది మీరేనా? పక్కన ముద్దాయి తండ్రిగారేనా? చేతిలో బహుమతి ఉందే! అంటే లబ్ధి పొందిన సాక్షి అన్నమాట." తర్వాత బ్యానరు ఫోటో తీశాడు. "కళ్ళకు ఇంత పట్టీ కట్టుకుని ఎలా చూశారు సార్?" కోర్టంతా నవ్వింది. కళ్ళజోళ్ళాయన నవ్వలేదు. "పట్టీ వాళ్ళు వేశారండీ. నేను చూసిందే చెప్తున్నా" అని మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చెప్పాడు.

తీర్పు వచ్చింది. చిన్నబాబు నిర్దోషి. కారణం జడ్జిగారు ఎంతో వివరంగా రాశారు. ఆ వీధి నిత్యం జనంతో కిటకిటలాడే వీధి, అక్కడివారు చదువుకున్నవారు, సంసారులు, పెద్దమనుషులు. నిజంగా పట్టపగలు నడివీధిలో ఒక ఆడమనిషి చెయ్యి విరగ్గొట్టి ఉంటే, ఆ లబ్ధి పొందిన సాక్షి పోగా మిగిలిన ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరైనా చూశామని ముందుకు రాకుండా ఉంటారా? వీధి వీధంతా నోరు కుట్టేసుకుందంటే నమ్మడం మానవ స్వభావాన్ని అవమానించడమే అవుతుంది.

చిన్నబాబు తప్పుడు కేసు వల్ల కలిగిన మనోవేదనకు గాను ఆదరణ కేంద్రంలో బాధితుడిగా నమోదయ్యాడు. పూర్తి సహాయం అందిన మొదటి లబ్ధిదారు అతనే. మిషనక్క కళ్ళజోళ్ళ దుకాణంలో ఒక మూల కూర్చుని ఎడమచేత్తో కత్తిరించడం నేర్చుకుంటోంది. గీత వంకరపోయినప్పుడల్లా కళ్ళజోళ్ళాయన భార్య, "వంకరైతే ఏమైంది, కుట్టు కింద దాక్కుంటుందిలే" అంటుంది.

వీధికి మాత్రం తీర్పు పండగలా ఉంది. తమ మంచితనానికి సాక్షాత్తూ కోర్టే పత్రం ఇచ్చిందని హెడ్మాస్టరు ఆ భాగాన్ని అచ్చు వేయించి టీకొట్టు గోడకు అంటించాడు. అందరూ కళ్ళజోళ్ళు పెట్టుకుని మరీ చదువుతున్నారు. వాళ్ళను చూసి మీకు రోత పుడుతోందా? పుట్టాలి. అలాంటి వీధి ఉంటుందంటే జడ్జిగారిలాగే మీరూ నమ్మలేకపోతున్నారు కదూ? మీ వీధిలో మొన్న జరిగినప్పుడు మీరు ఏ పని మీద ఉన్నారో మేము అడగం లెండి.