వరంగల్‌లో ఒకే ఒక్క ఆపన్నుడు

విశ్వ ఆపన్నహస్త సమాఖ్య ఇకమీదట చేతులతో సాయం చేయబోదని, హనుమకొండ నక్కలగుట్టలోని ప్రాంతీయ కార్యాలయంలో శ్రావణమాసపు తొలి మంచి ముహూర్తాన అధికారికంగా ప్రకటించారు. హర్షధ్వానాలు మిన్నంటాయి. అవి మిన్నంటేలా చూసే బాధ్యతను ముందురోజే ఒక ఉపసంఘానికి అప్పగించి ఉండటం వల్ల ఏ లోటూ రాలేదు.

సమాఖ్య చిన్నాచితకా సంస్థ కాదు. ప్రధాన కార్యాలయం సముద్రాల అవతల ఉంది. భూమి ఎక్కడ కంపించినా, నది ఎక్కడ పొంగినా ముందుగా అక్కడికి చేరేది సమాఖ్య బ్యానరే. దుప్పట్లు తర్వాత వస్తాయి. అంతటి సంస్థకు చెందిన వరంగల్ గోదాములో మాత్రం ఏళ్ల తరబడి ఒక అనాగరిక పద్ధతి రాజ్యమేలుతోందని ఈమధ్యనే బయటపడింది. ఆ పద్ధతి పేరు చంద్రమౌళి.

చంద్రమౌళి గోదాము మేనేజరు. గట్టి వాన పడితే ఎవరో ఒకరు ఆయనకు ఫోన్ చేసేవారు. ఆయన డ్రైవర్ ఆజంకు ఫోన్ చేసేవాడు. ఆజం లారీ తీసేవాడు. పరకాల వైపు రేకులు లేచిపోయినా, తొర్రూరు వైపు వాగు ఊళ్లోకి వచ్చినా, పొద్దు వాలేలోగా టార్పాలిన్లు అక్కడ ఉండేవి. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క మీటింగు కూడా జరిగేది కాదంటే అరాచకం ఏ స్థాయిలో ఉండేదో పాఠకులే ఊహించుకోవచ్చు. తడిసినవాడికి టార్పాలిన్ ముట్టేది గానీ, ముట్టినట్టు ప్రధాన కార్యాలయం గోడ మీది తెరపై ఆకుపచ్చ చుక్క వెలిగేది కాదు. దాంతో అక్కడి పెద్దలకు కంటి మీద కునుకు ఉండేది కాదు.

ఆ కునుకు కోసమే ‘సాంత్వన’ వచ్చింది. అది సాఫ్ట్‌వేర్. నిజానికి విమానాశ్రయాల్లో తప్పిపోయిన పెట్టెలను వెతకడానికి తయారైంది. సమాఖ్య కొన్నాక ‘పెట్టె’ అన్నచోటల్లా ‘బాధితుడు’ అని మార్చారు. వరదలో ఇల్లు పోగొట్టుకుని వచ్చినవాణ్ణి అది మొట్టమొదట “మీకు చక్రాలు ఉన్నాయా?” అని అడిగేది అందుకే. లేవని నొక్కితే “మీ హ్యాండిల్ ఏ రంగు?” అని అడిగేది. ఇవి చిన్న విషయాలు. మానవసేవలో ఇలాంటివి పట్టించుకోకూడదు.

సాఫ్ట్‌వేర్‌ను జనానికి అలవాటు చేయడానికి హైదరాబాదు నుంచి మధు అనే మార్పు నిపుణుడు దిగాడు. “వాడటం కాదు సార్, అక్కున చేర్చుకోవాలి” అన్నది ఆయన సిద్ధాంతం. ఆ వేసవంతా శిక్షణలే. ప్రతి శిక్షణకూ రెండు సమోసాలు. సిబ్బంది సమోసాలను వెంటనే అక్కున చేర్చుకున్నారు. ఆజంకు కూడా శిక్షణ తప్పలేదు. “సార్, గేర్ నేను మార్చాల్నా, అదే మార్చుకుంటదా?” అని అడిగినందుకు అతణ్ణి మళ్లీ మొదటి తరగతిలో కూర్చోబెట్టారు. లారీ ఎటూ పోలేదు కాబట్టి డీజిల్ బాగా ఆదా అయిందని నివేదికలో రాసుకున్నారు.

చంద్రమౌళి మొండివాడు కాదు. నేర్చుకోవాలనే కష్టపడ్డాడు. పాస్‌వర్డును వారం వారం మార్చమన్నారు, మార్చాడు. అందులో పెద్దక్షరం, అంకె, ఆశ్చర్యార్థకం ఉండాలన్నారు, పెట్టాడు. చివరికి ఒక సాయంత్రం ఇంట్లో భార్య యమునను పాస్‌వర్డు పెట్టి రెండుసార్లు పిలిచాడు. ఆమె పలకలేదు. మూడుసార్లు తప్పు పిలిస్తే లాక్ అయిపోతుందేమోనని మూడోసారి పిలవకుండా తనే లేచి మంచినీళ్లు తెచ్చుకున్నాడు. ఇలాంటి బాధలు చూసే కాబోలు, పాస్‌వర్డులు తీసేసి వేలిముద్ర పెట్టారు. సాయం మంజూరు చేసే అధికారికీ, పుచ్చుకునే ఆపన్నుడికీ ఒకే యంత్రం. సమానత్వం ఇంతకంటే చవగ్గా ఎక్కడా దొరకదు.

ప్రారంభోత్సవం కన్నుల పండువగా జరిగింది. కొత్త బండి కొంటే ఏమేం చేస్తారో అన్నీ చేశారు. కంప్యూటరుకు దండ వేశారు. బల్ల నాలుగు కాళ్ల కింద నిమ్మకాయలు పెట్టి, నలుగురు మనుషులు బల్లను ఎత్తి వాటి మీదికి తోశారు. పంతులుగారు దీనికి ముందు భాగం ఏదని అడిగి మరీ కొబ్బరికాయ కొట్టారు. వేలిముద్ర యంత్రానికి ఎర్రలైటు వెలిగే చిన్న అద్దం ఉంటే, దానికి మరింత శ్రద్ధగా పసుపు మెత్తారు. డైరెక్టర్ సత్యనారాయణగారు ఆ తడి పసుపులో తన బొటనవేలిని, పాతికేళ్ల అధికార అనుభవం మొత్తం అందులోకి దింపి, గట్టిగా నొక్కారు. నమూనాకు ఆయన్నే తొలి ఆపన్నుడిగా నమోదు చేసి, ఒక టార్పాలిన్ అందించి, ఫోటో తీశారు.

“మిత్రులారా, ఈ క్షణంలో నేను అధికారిని కాను, ఒక నిర్భాగ్యుణ్ణి,” అని ఆయన గద్గద స్వరంతో ప్రసంగించారు. “నిర్భాగ్యుడి గుండె లోతు నాకిప్పుడు తెలిసింది. ఏసీ కొంచెం పెంచండి.”

ఆ సాయంత్రమే వాన మొదలైంది.

తెల్లారేసరికి చెరువు కట్ట కింది కాలనీ మొత్తం, కార్యాలయం ఆవరణలోనే ఉన్న గోదాము గేటు ముందుంది. వాన కాస్త తెరిపిచ్చింది గానీ, ఆకాశం చూస్తే మధ్యాహ్నానికి మళ్లీ కుమ్మేసేలా ఉంది. గేటు దగ్గరికి తెచ్చి పెట్టిన యంత్రం ముందు, వరుసలో మొదట చిలుకమ్మ నిలబడింది. కూలికి పోయే మనిషి, చంద్రమౌళికి పాత పరిచయం.

“సారూ, మా కోడలు బాలింత. ఇంటి రేకులు లేసిపోయినయ్. పసిగుడ్డు మీద గొడుగు పట్టుకోని కూసున్నది. మల్ల వాన రాకముందే జర ఒక పరదా ఇయ్యి కొడుకా,” అంది.

“ఇస్త అవ్వా, ఎందుకియ్య! జర ఈ అద్దం మీద బొటనేలు పెట్టు,” అన్నాడు చంద్రమౌళి.

ఆమె పెట్టింది. తెర మీద డైరెక్టర్‌గారి ఫోటో ప్రత్యక్షమైంది. ‘స్వాగతం శ్రీ సత్యనారాయణ. తమకు నిన్ననే టార్పాలిన్ అందినది. మళ్లీ అడగరాదు.’

“నా ఏలు పెడితే గాయినెందుకు వచ్చిండు?” అని చిలుకమ్మ అడిగింది.

వెనకాల కుట్టుపని చేసుకునే సాబిరా ఉంది. ఆమె వేలు పెట్టింది. సత్యనారాయణ. ఆమె వెనక మేస్త్రీ కుమారస్వామి. అతనూ సత్యనారాయణే. వరుస సగానికి వచ్చేసరికి కట్ట కింది కాలనీ యావత్తూ డైరెక్టర్‌గారైపోయింది. ‘ఈ వ్యక్తి అదేపనిగా టార్పాలిన్లు అడుగుతున్నాడు. ప్రవర్తన అనుమానాస్పదం’ అని సాంత్వన హెచ్చరించింది కూడా.

చంద్రమౌళి వంగి అద్దం చూశాడు. ఎండిన పసుపులో డైరెక్టర్‌గారి బొటనవేలి గీతలు పోతపోసినట్టు నిలిచి ఉన్నాయి. ఎవరు వేలు పెట్టినా యంత్రానికి ఆ గీతలే కనబడుతున్నాయి. జేబురుమాలు తీసి తుడవబోయాడు.

“ఆగండి!” అంటూ మధు పరుగెత్తుకొచ్చాడు. “యంత్రాన్ని తుడవడం మీ పాత్ర పరిధిలో లేదు. ఫిర్యాదు నమోదు చేయండి, ఇంజినీరు వస్తాడు.”

వెనకే డైరెక్టర్‌గారు వచ్చారు. ముహూర్తపు పసుపును శుక్రవారం దాకా తుడవకూడదని పంతులుగారు చెప్పారట.

“సార్, పొద్దుగాల్నుంచి నిలబడ్డరు. పాత పద్ధతిల ఇచ్చేస్త, తర్వాత ఎక్కించుకుందం,” అని చంద్రమౌళి బతిమాలాడు.

“చంద్రమౌళీ, మధ్యాహ్నం ప్రధాన కార్యాలయంతో వీడియో సమావేశం ఉంది. ఒక్క టార్పాలిన్ సాఫ్ట్‌వేర్ బయట ఇచ్చినా మన వినియోగ శాతం పడిపోతుంది. మనుషులంటావా, తడుస్తారు, ఆరుతారు. పడిపోయిన శాతం మళ్లీ లేస్తుందా?” అని డైరెక్టర్‌గారు గొడుగు కింద నుంచే హితవు చెప్పి, సమావేశానికి చొక్కా మార్చుకోవడానికి వెళ్లిపోయారు. మధు ఆయన గొడుగు పట్టుకున్నాడు.

చంద్రమౌళికి ఒళ్లు మండింది. అయినా ఉద్యోగం ఉద్యోగమే కాబట్టి, ఫిర్యాదు నమోదు చేద్దామని తన వేలు పెట్టాడు. ‘స్వాగతం శ్రీ సత్యనారాయణ’ అంది సాంత్వన. కింద రెండు బొత్తాలు. ఒకటి ‘సాయం పొందుట’. రెండోది ‘డైరెక్టర్ విశేషాధికారంతో మంజూరు చేయుట’. చంద్రమౌళి నిప్పు ముట్టినట్టు వేలు వెనక్కి తీసుకున్నాడు. దొంగ సంతకం లాంటి పని ఆయన ఇంటావంటా లేదు.

చిలుకమ్మ చూస్తూనే ఉంది. “ఆ రెండో బొత్తాం ఏంది కొడుకా?”

“పెద్దసారు ఇయ్యమని చెప్పే బొత్తాం అవ్వా.”

“మిషిని నన్ను పెద్దసారే అంటాంది గద?”

“అంటాంది.”

“మరి పెద్దసారు జెప్తె తాళం తీస్తవా, తియ్యవా?”

చంద్రమౌళి తన సర్వీసు మొత్తంలో డైరెక్టర్ మాట జవదాటి ఎరగడు. చిలుకమ్మ అద్దం మీద వేలు పెట్టి, రెండో బొత్తాం నొక్కింది. ‘ధన్యవాదాలు డైరెక్టర్ గారూ. మీ ఆదేశం శిరోధార్యం’ అంది సాంత్వన.

“తాళం తియ్యి,” అంది డైరెక్టర్ చిలుకమ్మ.

తాళం తీశాడు. డైరెక్టర్ చిలుకమ్మ తర్వాత డైరెక్టర్ సాబిరా, ఆమె తర్వాత డైరెక్టర్ కుమారస్వామి, ఇలా ఒకరి తర్వాత ఒకరు తమకు తాము మంజూరు చేసుకుంటూ నడిచారు. మోయలేనివాళ్లకు ఆజం లారీ తీశాడు. గేరు అతనే మార్చుకున్నాడు. మధ్యాహ్నం వాన దిగే వేళకు పసిగుడ్డు నీలం టార్పాలిన్ కింద గుక్కపట్టి ఏడుస్తోందని కబురొచ్చింది. చంద్రమౌళికి ఆ ఏడుపు కబురు వింటే ప్రాణం లేచొచ్చింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు.

వీడియో సమావేశంలో ప్రధాన కార్యాలయం గోడ పచ్చిక బయలులా ఉంది. ప్రపంచంలో ఏ డైరెక్టరూ ఒక్క పూటలో ఇన్నిసార్లు స్వయంగా వేలు పెట్టలేదట. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సత్యనారాయణగారు ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే తేరుకుని, “అంతా మీ ఆశీర్వాదం” అన్నారు.

అసలు ఘనత వార్షిక నివేదికలో తేలింది. నిరుడు వరంగల్ ప్రాంతంలో వేలమంది ఆపన్నులు ఉండగా, సాంత్వన వచ్చాక వాళ్ల సంఖ్య ఒకటికి పడిపోయింది. ఆ ఒక్కరూ సత్యనారాయణగారే. ఒక ప్రాంతంలోని పేదరికాన్ని తన ఒక్కడి మీద వేసుకున్న మహనీయుడిగా ఆయనకు శాలువా కప్పారు. పత్రికలు మొదటి పేజీలో వేశాయి. చంద్రమౌళి వెళ్లి మధుకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. “మనుషులు అబద్ధం చెప్తారు సార్, డేటా చెప్పదు,” అని మధు జాలిగా నవ్వాడు. మరుసటి వానాకాలానికి గోదాముకు అవసరమైనంత సరుకే వచ్చింది. ఒక టార్పాలిన్.

మళ్లీ వాన వచ్చింది. మళ్లీ కట్ట కింది కాలనీ గేటు ముందు నిలబడింది. నిరుటి టార్పాలిన్లు ఎండకు చివికి పోయాయి. యంత్రం అద్దం ఇప్పుడు తళతళలాడుతోంది. చిలుకమ్మ వేలు పెట్టగానే సరిగ్గా గుర్తుపట్టింది. ‘చిలుకమ్మ. గతంలో సాయం పొందిన దాఖలా లేదు. కనుక అవసరం లేదు.’

ఆమె వేలు వంక, తెర వంక మార్చి మార్చి చూసుకుంది.

“పోయినపాలి పెద్దసారునంటే ఇచ్చింది. ఇప్పుడు నన్ను నన్నుగ చూసి లేదంటాంది. ఈ మిషినికి అప్పుడు కండ్లు కనవడలేదా, ఇప్పుడు కనవడ్తలేవా కొడుకా?”

చంద్రమౌళి లోపలికి పోయి, ఉన్న ఒక్క టార్పాలిన్ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. మిగతావాళ్లు తడుచుకుంటూనే ఇళ్లకు పోయారు.

మర్నాడు పత్రికల్లో వచ్చింది: ‘వరంగల్‌లో ఏకైక ఆపన్నుడి టార్పాలిన్ మాయం. గోదాము మేనేజరు సస్పెన్షన్.’ చదివి మన గుండెలు కరిగిపోయాయి. మానవత్వం చచ్చిపోలేదని ఊరూవాడా కదిలి నిరూపించింది. సాయంత్రానికి మనం పంపిన టార్పాలిన్లు సత్యనారాయణగారి మేడ మీద పట్టక, కారు షెడ్డులో సర్దారట. కారు వానలో తడుస్తోందని తెలిసి, ఇప్పుడు దానికీ చందాలు వసూలు చేస్తున్నాం.