కాకతాళీయ భంజనము

వినుడు, సహృదయులారా! ఏనుగులు ఘీంకరించిన యుద్ధములను, రథచక్రములు నేల క్రుంగిన యుద్ధములను మీరు వినియుందురు. ముక్కునకును మాడునకును నడుమ జరిగిన యుద్ధమును మాత్రము వినియుండరు. కావున చెవులు రిక్కింపుడు, వీలైనచో తలపై చేయి అడ్డము పెట్టుకొనుడు.

ఎండ ముదిరి, తారురోడ్డు పాదచారుల చెప్పులను కరచి పట్టుకొనుచుండిన కాలమున, ఊరి చివర, బస్సు సైతము మలుపు తిరుగుటకు బద్ధకించు వీధిలో, పెచ్చులూడిన జంతుశాస్త్ర పరిశోధనాలయము ముంగిట, శాఖోపశాఖావిస్తృతమై, శీతలచ్ఛాయాప్రదానధురంధరమై ఒక నిద్రగన్నేరు చెట్టు నిలిచియుండెను. దాని కొనకొమ్మపై, ఎండుపుల్లలతోను తెగిన కరెంటు తీగలతోను నిర్మింపబడిన దుర్గమందు, కుడికాలికి ఎర్రని ప్లాస్టిక్ కడియము ధరించిన ఒక ఆడకాకి ఏకచ్ఛత్రాధిపత్యముగా రాజ్యమేలుచుండెను. దాని పేరు ఎర్రకడియము.

ఆ కడియమును తొడిగినది వాయసచర్యావిశారద, దూరదర్శినీధారిణి, చెట్టుక్రింద కూర్చుండి నడుము పట్టివేయించుకొనుటలో అద్వితీయ అయిన ఒక శాస్త్రజ్ఞురాలు. జనులు ఆమెను కాకుల మేడమ్ అందురు. తోటివారు పులులను వెంబడించి పత్రికలకెక్కుచుండగా, తిమింగలములను వెంబడించి విమానములెక్కుచుండగా, ఆమె తన యౌవనమంతయు ఒక్క ప్రశ్నకు ధారపోసెను: కాకి మనిషి ముఖమును గుర్తుపట్టునా?

సమాధానము ఆమె నడినెత్తిపైననే దొరకెను. ఆ ఏడు ఎర్రకడియము పిల్ల ఒకటి గూటినుండి జారి గడ్డిలో పడగా, మేడమ్ దానిని అరచేత నెత్తి, నిచ్చెన వేయించి, స్వయముగా ఎక్కి గూటిలో చేర్చెను. చేసినది ఉపకారమే. కాని తల్లికి అది పట్టపగటి అపహరణముగా కనబడెను. కాదని కాకికి నచ్చజెప్పు భాష ఏ విశ్వవిద్యాలయమునందును నేర్పరు. నాటినుండి మేడమ్ గేటు దాటిన తక్షణమే ఎర్రకడియము పిడుగువలె దిగి ఆమె మాడుపై తన్నుచుండెను. ఆమె తన భర్త చొక్కా తొడిగివచ్చినను తన్నెను. పదిమంది నడుమ దూరి నడచినను, ఆ పదిమందిని విడిచి ఆమెనే వెదకి తన్నెను. ప్రతి తన్నునకును ఆమె మొదట "అబ్బా" అనియు, పిమ్మట "ఆహా" అనియు పలుకుచుండెను. మొదటిది మనిషి మాట; రెండవది శాస్త్రజ్ఞురాలి మాట.

ఇట్లుండగా విపత్తు కాకిరూపమున గాక కారురూపమున వచ్చెను. డైరెక్టరుగారు క్రొత్తగా తెల్లని కారు కొనిరి. ఒకనాడు ఆయన మేడమ్‌ను గదికి పిలిపించిరి.

"చూడండి పాముల మేడమ్..."

"కాకులండీ."

"ఆ, అవే. ఆ చెట్టు కింద కారు పెడితే సాయంత్రానికి అది కారో, సున్నం కొట్టిన గోడో తెలియట్లేదు. చెట్టు కొట్టించేసి షెడ్డు వేయిద్దామనుకుంటున్నా."

"దాని మీద గూడుందండీ! నా పరిశోధనంతా ఆ గూడే."

"మీ పరిశోధన గురించి బయట ఏమంటున్నారో తెలుసా? అన్నీ కాకిలెక్కలంటున్నారు."

"నిజమేనండీ. కాకుల లెక్కలే."

డైరెక్టరుగారు నవ్వలేదు. "సోమవారం కమిటీ వస్తోంది. కాకి గుర్తుపట్టి తంతుందని రాశారుగా? వాళ్ల కళ్లముందు తన్నించుకోండి. తన్నిందా, చెట్టుంటుంది, మీ పనీ ఉంటుంది. తన్నలేదా, షెడ్డు."

హా! ఎంతటి ధర్మసంకటము! ఎర్రకడియమునకు పరమశత్రువైన ఆ తలయే దాని ఇంటికి ఏకైకరక్షణమయ్యెను. ఈ సంగతి తలకు తెలియును. కాకికి తెలియదు.

సోమవారము తెల్లవారెను. బ్యూటీపార్లరు నడుపు ఆడపడుచు తన ఆయుధపేటికతో వచ్చి వదినెను కుర్చీలో కూలవేసెను.

"ఈ మొహంతోనా వదినా కమిటీ ముందుకెళ్లేది?"

"కాకి తన్నడానికి మేకప్పెందుకే?"

"కాకికి కాదు, కమిటీకి. కదలకు, కనుబొమ్మ వంకరపోతుంది."

అంతట ఆ వనిత గోడకు లప్పము పెట్టు మేస్త్రీవలె పూతపై పూత పూసి, ఎండకు నల్లబడిన చెక్కిళ్లను తెల్లబరచి, కంటిక్రింది పుట్టుమచ్చను భూస్థాపితము గావించి, కనుబొమ్మలను వింటివలె వంచి, లావుపాటి కళ్లద్దాలను లాగివైచి కళ్లలో లెన్సులు పెట్టించెను. అద్దములో తన్ను తాను చూచుకొని మేడమ్ "ఎవరండీ?" అని అడుగబోయి ఆగెను.

వంటగది గుమ్మమున నిలిచిన అత్తగారు కోడలిని ఎగాదిగా చూచి ఆశీర్వదించెను. "బాగున్నావు. వెళ్లిరా. నీకున్న ఒక్క పనీ కాకి చేత తన్నించుకోవడం. అదైనా సరిగ్గా చేసుకురా తల్లీ."

కమిటీ విచ్చేసెను. అధ్యక్షుడు జీవితమంతయు చేపలతో గడపిన వృద్ధమత్స్యశాస్త్రవేత్త. నీళ్లలో మునగని ప్రాణిని దేనినీ నమ్మని వాడు. ఆయన వెనుక ఇద్దరు సభ్యులు, వారి వెనుక చేతిలో ఫోనుతో డైరెక్టరుగారు. నలుగురును గోడనీడన నిలువగా, కాకుల మేడమ్ కదనరంగమధ్యమునకు నడచి, చెట్టుక్రింద నిలిచి, కన్నులు మూసి, శిరస్సు వంచి, మనస్సులో నిట్లు గర్జించెను: "ఓసీ కృష్ణపక్షప్రభంజనీ! చంచూకృపాణధారిణీ! ఇన్నినాళ్లు అడుగకయే ప్రసాదించిన ప్రహారమును నేడు అర్థించి నిలిచితిని! ఇదిగో మాడు! ఏదీ నీ ముక్కు!"

పైకి మాత్రము, "రావే తల్లీ, రా" అనెను.

ఎర్రకడియము తల ప్రక్కకు వంచి ఒంటికంట క్రిందికి చూచెను. పిమ్మట ముక్కును కొమ్మకు అటునిటు రాచుకొనెను. పిమ్మట ఈకలు దువ్వుకొనసాగెను.

"ఏమ్మా, సెలవు పెట్టిందా?" అని అధ్యక్షుడడిగెను.

"లేదండీ, ఒక్క నిమిషం." మేడమ్ పరుగున లోనికేగి, అడవుల్లో తిరుగునప్పుడు తొడుగు మాసిన ఖాకీకోటు వేసికొని వచ్చెను. కాకి కదలలేదు. మేడమ్ ఆ చివరినుండి ఈ చివరికి నడచెను. కదలలేదు. చప్పట్లు కొట్టెను, ఎగిరెను, చివరకు శాస్త్రమర్యాద నంతయు విడిచి, "ఒసేయ్, నేనేనే! నీ పిల్లని ఎత్తుకున్నదాన్ని!" అని అరచెను. కాకి ఎగిరి, అందరి తలలపైనుండి పోయి, రోడ్డుమీద పడియున్న బిస్కెట్టు ముక్కను తెచ్చుకొని, పిల్ల నోట పెట్టెను.

సభ్యులిద్దరును వాచీలు చూచుకొనిరి. అధ్యక్షుడు దయార్ద్రహృదయుడై ఇట్లు తీర్పు చెప్పెను.

"అమ్మా, అది నిన్ను తన్నలేదని నేననను. తన్నే ఉంటుంది. కానీ గుర్తుపట్టి తన్నిందనడమే కష్టం. కాకి వాలింది, తాటిపండు పడింది. దాన్నే కాకతాళీయం అంటారు. మాట కూడా మీ కాకి మీదే పుట్టింది చూడు."

డైరెక్టరుగారు అప్పటికే ఫోను చెవిన పెట్టిరి. "ఆ, మేస్త్రీ! మధ్యాహ్నం రంపం పట్టుకురా."

రంపమను మాట చెవిన బడినంతనే, పులుల వెంట పోని వయసు, తిమింగలముల వెంట పోని వయసు, గడ్డిలో చీమలతో పంచుకొన్న మధ్యాహ్నములు అన్నియు ఆమె కంటికి రంపపు పొట్టువలె కనబడెను. చెమట ధారలు గట్టెను. ఆమె రుమాలు తీసి ముఖము గట్టిగా తుడుచుకొనెను. తుడుచుకొని, ఎందుకో రుమాలును చూచెను. అందు ఒక చెక్కిలి, సగము కనుబొమ్మ, కొంత పెదవి అంటియుండెను.

అప్పుడు, మబ్బు చీల్చుకొని సూర్యుడు వచ్చినట్లు, పూత చీల్చుకొని సత్యము వచ్చెను. బట్టలను బట్టి గాక, నడకను బట్టి గాక, ముఖమును బట్టియే కాకి మనిషి నెరుంగునని ఇన్నేండ్లు ఎలుగెత్తి చాటిన తానే, ముఖమును ఇంట విడిచి వచ్చి, గుర్తుపట్టలేదని కాకిని తిట్టుచున్నది!

"ఆగండి సార్! మొహం కడుక్కునొస్తా!"

"ఇప్పుడు మొహం కడుక్కుని ఏం లాభమమ్మా?" అని అధ్యక్షుడనుచుండగనే, ఆమె మొక్కలకు నీళ్లుపట్టు గొట్టము నందుకొని ముఖమునకు గురిపెట్టెను. పునాదులు కదలెను. తెల్లనిది కారెను, ఎర్రనిది కారెను, కాటుక నల్లని కాలువలై కారెను. పుట్టుమచ్చ మరల భూమిపైకి వచ్చెను. ఆమె లెన్సులు తీసి, సంచిలోని లావుపాటి కళ్లద్దాలు పెట్టుకొని, కోటు విప్పి చంకన బెట్టి, పిలువక, చప్పట్లు కొట్టక, మెల్లగా వచ్చి కమిటీవారి నడుమ నిలిచెను.

పైన కొమ్మ కదలెను.

"కావ్!"

అది కూత కాదు, శంఖారావము! ప్రళయకాలమేఘశకలమువలె, ధనుర్ముక్తనారాచమువలె, ఎర్రకడియము రెక్కలు ముడిచి దూకి, సభ్యులిద్దరి నడుమనుండి దూరి, అధ్యక్షుని చెవి ప్రక్కగా ఒరసికొని పోయి, కాకుల మేడమ్ నడినెత్తిపై "టక్" మని పొడిచి, వెనువెంటనే కాళ్లతో తన్ని లేచెను. డైరెక్టరుగారు క్రింద కూర్చుండిరి. ఆయన నెవరును పొడవకపోయినను.

"అబ్బా!" అని మేడమ్ అరచెను. వెంటనే, "ఆహా! చూశారా సార్?"

"చూశాను. కానీ ఇదీ కాకతాళీయమేనేమోనమ్మా," అని వృద్ధుడు కొంచెము తగ్గిన స్వరముతో అనెను.

"అయితే ఈ కోటు మీరు వేసుకోండి. చెట్టు కిందికి ముందు మీరు నడవండి."

శాస్త్రమునకై ఆ వృద్ధవీరుడు కోటు తొడిగెను. నిగనిగలాడు ఆయన బట్టతల, ముక్కున్న ఏ పక్షికైనను నోరూరించునట్టిది. ఆయన కన్నులు చికిలించి, రొయ్యవలె ముడుచుకొని చెట్టుక్రింద నడచెను. ఎర్రకడియము ఆ నున్నని ప్రలోభమును కన్నెత్తియు చూడక, ఆయనను దాటి, దూరమున నిలిచిన మేడమ్‌ను చేరి మరల పొడిచెను.

అధ్యక్షుడు పరుగున వచ్చి ఆమె తల వంచి చూచెను. "అయ్యో, రక్తం వస్తోందమ్మా!"

"ఎంతండీ?"

"ఆవగింజంత."

"చాలండీ."

పెద్దాయన కాకిని, ఆమెను మార్చి మార్చి చూచెను. "నేను నలభై ఏళ్లు చేపలకి మేత వేశానమ్మా. ఒక్కటీ నన్ను గుర్తుపట్టలేదు." పిమ్మట గొంతు సవరించుకొని, "ఇందాక మొహం మారితే వదిలేసింది. మొహం తిరిగొస్తే తన్నింది. ఇంత చక్కటి ప్రయోగం ఎవరు రూపొందించారు?"

"మా ఆడపడుచండీ," అని మేడమ్ నిజము చెప్పెను.

"ఏ యూనివర్సిటీ?"

ఆమె రుమాలు మడిచి మాడుపై పెట్టుకొనెను. అధ్యక్షుడు డైరెక్టరుగారి వైపు తిరిగి, "కాకతాళీయం కాదు. పని సాగనివ్వండి. చెట్టు మీద చేయి వేయకండి" అనెను. డైరెక్టరుగారు ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకొని, ఫోను మరల చెవిన పెట్టి, "మేస్త్రీ, రంపం వద్దులే. కారు మీద కప్పడానికి పట్టా ఉంటే పట్రా" అనిరి.

కమిటీ వెడలిపోయెను. కాకుల మేడమ్ మాడుపై తడిరుమాలు అదిమిపట్టి చెట్టు మొదట చదికిలబడెను. పైన ఎర్రకడియము దుర్గద్వారమున నిలిచి, తన ఇల్లు నిలబెట్టిన మనిషిని, తన ఇల్లు నిలబెట్టినదని ఎరుగక, తనకు తెలిసిన తిట్లన్నియు తిట్టుచుండెను. "తిట్టవే తల్లీ, తిట్టు," అని ఆమె నవ్వెను. "నీకేం తెలుసు."

కావున, ఓ సహృదయులారా, దిక్కులు పిక్కటిల్లునట్లు, దిగంతములు దద్దరిల్లునట్లు, భేరీమృదంగకాహళాదివాద్యములు మ్రోగినను మ్రోగకున్నను చాటుచున్నాను: ఒక కాకి ఒక మనిషిని గుర్తుపట్టెను. మనిషి సంతోషించెను. కాకి సంతోషింపలేదు.